బ్రిటన్ లైసెన్సు సైట్లలో లైవ్ బ్లాక్‌జాక్, రూలెట్ బల్లలు: ఒక పోలిక

ఏ సైటు మేలో తేల్చుకుందామని రెండు వేర్వేరు కంపెనీల్లో ఖాతాలు తెరిచి, ఒకే రాత్రి రెండింటిలోనూ బ్లాక్‌జాక్ బల్ల తెరిచినప్పుడు, మొదటి తెరమీద ముక్కలు పంచుతున్న అమ్మాయే రెండో తెరమీద కూడా అవే ముక్కలు పంచుతూ కనిపించింది. పోలిక నేను మొదలుపెట్టకుండానే సగం ముగిసిపోయింది. సైట్ల పేర్లు ఎన్ని ఉన్నా వాటికి బల్లలు సమకూర్చే స్టూడియోలు కొన్నే: లాట్వియా రాజధాని రీగాలో పెద్ద కేంద్రాలున్న ఎవల్యూషన్, ప్లేటెక్, రుమేనియా రాజధాని బుకారెస్ట్ నుంచి ప్రసారం చేసే ప్రాగ్మాటిక్ ప్లే. కాబట్టి ఇక్కడ పోల్చేది బల్లల నియమాలను. సైట్ల సంగతి డబ్బు తిరిగి తీసుకునే దగ్గర మాత్రమే వస్తుంది.

ఇది బ్రిటన్‌లో జూద కమిషన్ లైసెన్సు ఉన్న సైట్లకు, 18 ఏళ్లు నిండినవారికి సంబంధించిన పరిశీలన. భారతదేశంలో ఉన్న పాఠకులకు ఇందులో ఎంచుకోవలసింది ఏమీ లేదు. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. తెలుగులో ప్రకటనలు వేసి పిలిచే విదేశీ సైట్లు డబ్బు ఎగ్గొడితే అడగడానికి వెళ్లే గుమ్మమే ఉండదు.

బ్లాక్‌జాక్ అంటే ముక్కల మొత్తం 21 దాటకుండా, ముక్కలు పంచే డీలరు మొత్తాన్ని మించాలన్న పేకాట. ఇక్కడ మొదట చూడవలసింది రెండు ముక్కల్లోనే 21 వచ్చినప్పుడు ఎంత ఇస్తారన్నది. మూడుకు రెండు అన్న పాత లెక్కన పది పౌండ్ల పందేనికి పదిహేను వస్తాయి, ఆరుకు అయిదు అన్న లెక్కన పన్నెండే వస్తాయి. సుమారు 21 ఆటలకొకసారి వచ్చే ఆ చేతిలో మూడు పౌండ్లు తగ్గడం చిన్న విషయంగా తోచవచ్చు గానీ, దానివల్ల కంపెనీ వాటా (వేసిన పందేల్లో సగటున దానికి మిగిలేది) దాదాపు 1.4 శాతం పెరుగుతుంది. నేను కూర్చున్న బల్లలన్నిటా పాత లెక్కే ఉంది. ఎవల్యూషన్ ఏడు కుర్చీల బల్లలో ఎనిమిది పేక కట్టలు వాడతారు, డీలరు 17 రాగానే ఆగుతాడు, తప్పులేకుండా ఆడేవాడికి నూటికి సుమారు 99.3 తిరిగి వస్తుందని నియమాల పేజీలోనే ఉంటుంది. ఆ "తప్పులేకుండా" అన్న మాటే అసలు మెలిక. డీలరు ముందు 10 ఉండగా తన 16తో భయపడి ఆగిపోయేవాడికి ఆ అంకె వర్తించదు.

సాయంత్రం వేళ ఏడు కుర్చీలూ నిండి ఉంటాయి. అప్పుడు కూర్చున్నవాళ్ల వెనక నిలబడి పందెం వేయవచ్చు గానీ, ముక్క తీయాలో ఆగాలో వాళ్లే నిర్ణయిస్తారు. పరాయివాడి తెలివిమీద మన డబ్బు పెట్టడం నాకు ఎన్నడూ రుచించలేదు. దానికంటే ఎవల్యూషన్ ఇన్ఫినిట్ బ్లాక్‌జాక్ ఎంతో నయం: ఎంతమంది చేరినా అందరికీ మొదటి రెండు ముక్కలు ఒకటే, ఆపై ఎవరి నిర్ణయం వారిది, 21 దాటకుండా ఆరు ముక్కలు చేరితే దానంతటదే గెలుపు. ఈ ఆరు ముక్కల నియమంవల్లనే తిరిగి వచ్చే శాతం 99.47కు చేరింది. నేను ఆడినచోట ఒక పౌండుకే ఆడనిచ్చారు. ప్రాగ్మాటిక్ వారి వన్ బ్లాక్‌జాక్ కూడా ఇదే తరహాది, కుర్చీ కోసం ఎదురుచూపు అందులోనూ లేదు.

అసలు ఆటతోపాటు విడిగా వేసే పక్క పందేలు మాత్రం ఏ స్టూడియోలోనైనా ఒకే తీరు. ఎవల్యూషన్ బల్లమీద మొదటి రెండు ముక్కలు జతగా రావాలన్న జంట ముక్కల పందెం 95.90 శాతం, ఆ రెండింటినీ డీలరు ముక్కతో కలిపి చూసే 21+3 పందెం 96.30 శాతం తిరిగి ఇస్తాయి. డీలరుకు ఆసు కనబడినప్పుడు తెర మర్యాదగా అడిగే ఇన్సూరెన్సు, అంటే డీలరుకు రెండు ముక్కల్లోనే 21 వస్తుందన్న పందెం, అన్నిటికంటే ఖరీదైనది, ఎనిమిది కట్టల ఆటలో దానివల్ల కంపెనీకి ఏడు శాతానికి పైగా మిగులుతుంది. ముక్కలు లెక్కపెట్టి గెలుద్దామనుకునే తెలివైనవారికి ఒక్క మాట: పెట్టెలో ముక్కలు సగమయ్యేసరికి మార్చేస్తారు, కనుక ఆ శ్రమ వృథా.

రూలెట్‌లో, అంటే చక్రం తిప్పి గోళీ ఏ అంకె గదిలో ఆగుతుందోనని పందెం కాసే ఆటలో, తెలివికి చోటు లేదు, ఉన్నదల్లా చక్రం ఎంపికే. ఒక్క సున్నా ఉన్న యూరోపియన్ చక్రంలో 37 గదులు, కంపెనీ వాటా 2.70 శాతం. రెండు సున్నాల అమెరికన్ చక్రంలో 38 గదులు, వాటా 5.26 శాతం. ఒకే స్టూడియో, ఒకే జాబితా, పక్కపక్కనే రెండు బొమ్మలు ఉండగా కోరి రెండింతల నష్టాన్ని ఎంచుకునేవారు ఎందుకుంటారో నాకు అర్థం కాలేదు. ఫ్రెంచ్ నియమమున్న బల్ల దొరికితే ఎరుపు–నలుపు, సరి–బేసి పందేలు వేసేవారికి అంతకన్నా మంచిది లేదు. సున్నా పడినప్పుడు సగం పందెం తిరిగి ఇస్తారు కనుక వాటా 1.35 శాతానికి దిగుతుంది.

మెరుపుల బల్లల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనమంతా అక్కడే ఉన్నారు. ఎవల్యూషన్ 2018లో తెచ్చిన లైట్నింగ్ రూలెట్‌లో ప్రతి తిప్పుకూ ఒకటి నుంచి అయిదు అంకెలమీద 50 నుంచి 500 రెట్ల వరకు బహుమతి పడుతుంది. ప్లేటెక్ క్వాంటమ్ రూలెట్, ప్రాగ్మాటిక్ మెగా రూలెట్ అదే దారిలో నడిచాయి. అయితే మూడింటిలోనూ ఒక్క అంకెమీద పందేనికి మామూలు బల్లలో ఇచ్చే 35 రెట్లకు బదులు 29 రెట్లే ఇస్తారు. మన అంకెమీద మెరుపు ఎన్నడూ పడలేదనుకుంటే నూరు పౌండ్లకు 81 మాత్రమే తిరిగి వస్తాయి, మిగతాదంతా ఎప్పుడో పడే ఆ మెరుపులో దాగి ఉంటుంది. లైట్నింగ్ రూలెట్‌లో మెరుపులు కలుపుకుని ఒక్క అంకె పందేలకు శాతం 97.10 అని రాసి ఉన్నది నిజమే, కాని ఒక సాయంత్రం కూర్చుని లేచేవాడికి అందేది చాలాసార్లు ఆ 81కి దగ్గరగానే ఉంటుంది.

వేగం కూడా ధరలో భాగమే. మామూలు బల్లమీద తిప్పుకు సుమారు 50 సెకన్లు పడితే గంటకు 72 తిప్పులు, ఒక్కో పౌండు చొప్పున వేసినా సగటు నష్టం రెండు పౌండ్ల లోపే. స్పీడ్ రూలెట్‌లో తిప్పుకు 25 సెకన్లే గనుక అదే గంటకు దాదాపు నాలుగు పౌండ్లవుతుంది.

బొమ్మ స్పష్టతలో, నెమ్మదిగా తిప్పి చూపే ఇమ్మర్సివ్ రూలెట్ అందంలో ఎవల్యూషన్‌దే పైచేయి. ప్లేటెక్ డీలర్లు మాటల్లో కాస్త ఆత్మీయంగా అనిపించారు. మన ఊళ్లలో లోనా–బయటా అని ఆడే ఆట కూడా అందర్ బాహర్ పేరుతో ఈ జాబితాల్లో సూటు వేసుకుని కూర్చుంది.

ఇక సైట్ల మధ్య నిజమైన తేడా. ఒకచోట నేను అడిగిన సొమ్ము ఆ సాయంత్రమే బ్యాంకుకు చేరింది. పేరు చెప్పడం ఇష్టంలేని మరొకచోట నలభై పౌండ్ల కోసం పదకొండు రోజులు తిప్పారు, ఒకసారి పాసుపోర్టు, మరోసారి కరెంటు బిల్లు అడిగారు. 2019 మే నుంచి వయసు, గుర్తింపు సరిచూశాకే ఆడనివ్వాలన్న నియమం ఇక్కడ ఉంది, ముందే అడగగలిగిన కాగితాలను డబ్బు తీసుకునేటప్పుడు అడ్డం పెట్టకూడదు కూడా. ఆ నియమం ఎత్తి చూపుతూ ఉత్తరం రాసిన మర్నాడే సొమ్ము వచ్చింది. చేరినందుకిచ్చే బోనసులకు ఆశపడి సైటును ఎంచుకోవద్దని కూడా చెబుతాను: బోనసు చేతికి రావాలంటే ముందుగా ఇంత పందెం వేయాలన్న షరతు ఉంటుంది, లైవ్ బల్లమీద వేసిన పందేన్ని అందులో తక్కువగా లెక్కించడమో, అసలే లెక్కించకపోవడమో చాలాచోట్ల జరిగేది.