చిన్న కోట కిట్టు, విశాఖ తేమ, మూడు నెలల పని

సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టుకోవడానికి ఒక కోట కావాలని మా మనవరాలు అడగగా, గత జూన్ నెలాఖరులో ఆన్‌లైన్‌లో 4,850 రూపాయలు పెట్టి ఒక చిన్న కోట కిట్టు తెప్పించాను. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ తరహా కిట్టు ఏది కొన్నా పనికివచ్చేలా అందులోని తయారీ గురించి, కట్టేటప్పుడు ఎదురైన చిక్కుల గురించి మాత్రమే రాస్తున్నాను. డబ్బా మీద ‘మొదటిసారి చేసేవారికి అనువైనది, 12 గంటల పని’ అని ఉంది. షిప్‌యార్డు మోల్డ్ లాఫ్ట్‌లో ఓడ రేకులకు కొలతలు గీస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపిన నాకు ఇది పూర్తి కావడానికి జూలై నుంచి అక్టోబరు మొదటి వారం దాకా సాయంత్రాలన్నీ పట్టాయి.

ముందుగా బాగున్నవి చెప్పడం న్యాయం. కొలమానం 1:24, అంటే అసలు కట్టడంలోని ప్రతి అడుగుకూ బొమ్మలో అర అంగుళం; ఆ లెక్క కోట మొత్తంలో ఎక్కడా తప్పలేదు. సింహద్వారం ఎత్తు 88 మిల్లీమీటర్లు, అంటే మనిషి లెక్కన సుమారు ఏడడుగులు. మూడు మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. (చెక్కపీచును ఒత్తి చేసిన) పలకలను లేజర్‌తో కోసిన తీరు శుభ్రంగా ఉంది, ముక్కల నంబర్లను బయటికి కనిపించని వైపున చెక్కారు, నడిమి భవనం నాలుగు గోడలూ అంచుల్లో పొడుచుకువచ్చిన నాలుకలు గాడుల్లోకి దిగి బంక లేకుండానే మూలమట్టానికి సరిగ్గా నిలబడ్డాయి. గీసినవారికి వడ్రంగం తెలుసు. వారికి తెలియనిది సముద్రపు ఒడ్డున వానాకాలం ఎలా ఉంటుందన్నది.

పెదవాల్తేరులోని మా ఇంట్లో కిటికీ తీస్తే ఉప్పుగాలి నేరుగా బల్ల మీదికే వస్తుంది. పలకలన్నిటినీ ఉత్సాహంగా కవరు విప్పి బల్ల మీద పరిచి, ఊరికి వెళ్ళి వారం తరువాత వచ్చి చూస్తే నాలుకలు గాడుల్లో దూరడం మానేశాయి. వెర్నియర్ పెట్టి కొలిస్తే మూడు మిల్లీమీటర్లు ఉండవలసిన పలక అంచుల దగ్గర 3.2 చూపించింది. ఎం.డి.ఎఫ్. అంటే చెక్కపీచును రెసిన్‌తో కలిపి ఒత్తిన పలక. తేమ తగిలితే ఆ పీచు ఉబ్బుతుంది, కోసిన అంచుల దగ్గర మరీ ఎక్కువగా ఉబ్బుతుంది, ఆరిన తరువాత కూడా పూర్తిగా పూర్వపు మందానికి రాదు. గాడిని పెద్దది చేస్తే ఆ సందు బయటికి కనిపిస్తుంది కనుక, నాలుకలనే 220 నంబరు ఉప్పు కాగితంతో రెండు వైపులా సమానంగా రుద్దుకుంటూ వెళ్ళాను. మొత్తం నూట నలభై నాలుకలు. ఇంకొకరికి ఈ శిక్ష పడకూడదని చెబుతున్నాను: ఏ రోజు పనికి కావలసిన పలక ఆ రోజే కవరులోంచి తీయండి, కోసిన అంచులకు రంగు వేయడానికి ముందు నీళ్ళు కలిపిన ఫెవికాల్‌ను పలచగా పూసి ఆరనివ్వండి.

రంగు విషయంలోనూ ఒక పొరపాటు చేశాను. వెనుక గోడకు బయటివైపు మాత్రమే ప్రైమర్ వేసి పడుకుంటే, తెల్లారేసరికి అది అప్పడంలా వంగి ఉంది. ఒక ముఖం తడిసి రెండో ముఖం పొడిగా ఉండిపోతే జరిగేది ఇదే. రెండో వైపు కూడా అదే ప్రైమర్ వేసి, పైన రెండు నిఘంటువులు బరువు పెట్టి రెండు రోజులు వదిలేస్తే దారికి వచ్చింది. సూచనల పుస్తకంలో ఈ మాట ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. కానీ ఆ పుస్తకం ఇరవై నాలుగు పేజీలూ బొమ్మలే, వాక్యాలు లేవు.

అసలు పరీక్ష బురుజుల దగ్గర మొదలైంది. బురుజు గుండ్రంగా రావడానికి పలకకు నిలువునా దగ్గరదగ్గరగా గాట్లు పెట్టి, దాన్ని చేత్తో వంచి అంటించమన్నారు. మొదటి పలక నా చేతిలోనే రెండో గాటు దగ్గర ఫట్టుమని విరిగింది. కంపెనీవారికి ఫొటో పంపితే పేచీ పెట్టకుండా కొత్త పలక పంపారు, పదకొండు రోజుల్లో వచ్చింది. ఈ విషయంలో వారిని మెచ్చుకోవాలి. రెండోసారి చేత్తో వంచే సాహసం చేయలేదు. బురుజు లోపలి వ్యాసం 84 మిల్లీమీటర్లు. ఇంట్లో మిగిలిపోయిన 75 మిల్లీమీటర్ల పి.వి.సి. పైపు ముక్క మీద, లోటుగా ఉన్న 9 మిల్లీమీటర్లు నిండేదాకా పాత వార్తాపత్రికలను బిగుతుగా చుట్టి అచ్చు తయారు చేసుకున్నాను. పలక మధ్య గాటును అచ్చు మీద ఆనించి, అక్కడి నుంచి రెండు అంచుల వైపూ ఒక్కొక్క గాటుగా నొక్కుకుంటూ వచ్చి, పాత సైకిల్ ట్యూబును రబ్బరు పట్టీలుగా కోసి చుట్టి, రాత్రంతా అలాగే ఉంచాను. ఓడ రేకును వంచేటప్పుడైనా ఇదే సూత్రం: బలమంతా ఒక్కచోట పడనీయకూడదు. గాట్లలో లప్పం నింపి రుద్దిన తరువాత రాతి కట్టడంలా గీతలు గీస్తే, అది చెక్క అని ముట్టుకుంటే తప్ప తెలియడం లేదు.

ఆ బురుజు మీదికి వచ్చే కోసు టోపీకి విసనకర్ర ఆకారంలో ఒక కాగితపు నమూనా ఇచ్చారు. దాన్ని చుట్టి పెడితే టోపీ బురుజు మీద దిగకుండా, తల పట్టని తలపాగాలా పైనే నిలిచిపోయింది. కోణమానిని పెట్టి చూస్తే కారణం తెలిసింది. వాలు పొడవు 150 మిల్లీమీటర్లు, బురుజు వెలుపలి వ్యాసార్ధం 45. వ్యాసార్ధాన్ని వాలు పొడవుతో భాగించి 360తో గుణిస్తే ఆ విసనకర్ర కోణం 108 డిగ్రీలు వస్తుంది, నమూనాలోనూ సరిగ్గా అంతే ఉంది. లెక్క తప్పు కాదు, ఆలోచన తప్పు: లప్పం, రంగు కలిసి బురుజును ఒక మిల్లీమీటరు లావు చేస్తాయని గాని, కప్పుకు కాస్త చూరు ఉండాలని గాని వారు తలచలేదు. చూరు కోసం అయిదు మిల్లీమీటర్లు కలిపి వ్యాసార్ధాన్ని 50గా తీసుకుని, 120 డిగ్రీల విసనకర్రను చార్టు మీద గీసి, అతుకు కోసం ఎనిమిది మిల్లీమీటర్లు అదనంగా వదిలి కోశాను. టోపీ ఒక్కసారికే కూర్చుంది. ఈ సంగతి కంపెనీకి రాస్తే, క్షమాపణతో పాటు అదే 108 డిగ్రీల నమూనా మరొకటి పంపించారు.

కోసు కొనకు ఇచ్చిన ప్లాస్టిక్ కలశం బొత్తిగా నప్పలేదు. దాని బదులు ఇంట్లో ఉన్న ఏటికొప్పాక లక్క కుంకుమ భరిణెల మూతలు పెట్టాను. అంకుడు కర్రను లేత్ మీద తిప్పి తీసినవి కనుక అడుగు వలయం నిక్కచ్చిగా గుండ్రంగా ఉండి, కాగితం కొన దగ్గర మిగిలిన సందును పూర్తిగా కప్పేశాయి. కోటలో అందరూ ముందుగా చూసేది ఇప్పుడు ఆ ఎర్రటి మూతలనే.

దీపాల ఏర్పాటు కిట్టులోకెల్లా బలహీనమైన భాగం. ఆరు బల్బులకూ కలిపి ఒక్క బిళ్ళ బ్యాటరీ ఇచ్చారు. అది రెండు సాయంత్రాలకే నీరసించింది. డాబాగార్డెన్స్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ కొట్టులో కరెంటును అదుపు చేసే 220 ఓముల రెసిస్టర్లు కొని, ఒక్కో బల్బుకు ఒక్కొక్కటి చొప్పున కలిపి, అయిదు వోల్టుల ఫోన్ చార్జర్‌కు తగిలించాను. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, పుస్తకం ప్రకారం గోడలన్నీ అంటించేశాక గాని తీగల పేజీ రాదు, అప్పటికి తీగ పోవడానికి దారే ఉండదు. గోడలు నిలబెట్టేటప్పుడే ప్రతి గదిలోంచీ ఒక దారం బయటికి వదిలి ఉంచుకుంటే, తరువాత ఆ దారానికి తీగ కట్టి లాగవచ్చు.

వెనుక గోడను శాశ్వతంగా అంటించమనడం కూడా నాకు నచ్చలేదు. మన రాష్ట్రపతి భవన్‌ను రూపొందించిన లుట్యెన్స్ బ్రిటన్ రాణి మేరీ కోసం 1:12 కొలమానంలో ఒక బొమ్మరిల్లు కూడా గీశాడు. 1924లో పూర్తయిన ఆ ఇల్లు ఇప్పటికీ విండ్సర్ కోటలో ఉంది. దాని వెలుపలి గోడల డొల్ల మొత్తం పైకి లేచి లోపలి గదులను చూపిస్తుంది. లోపలికి చూడలేకపోతే బొమ్మరిల్లు ఎందుకు? అంత యంత్రాంగం నా వల్ల కాదు గనుక, నాలుగు చిన్న అయస్కాంతాలతో వెనుక గోడను ఊడి వచ్చేలా బిగించాను. బల్బు మాడినా, రాణిగారి మంచం కింద బల్లి దూరినా ఇక భయం లేదు.

మిగిలినవి చిన్నవి. మెట్ల వరుసలో ఒక మెట్టు తక్కువ వచ్చింది, మిగులు పలకలోంచి కోసుకున్నాను. అగడ్త మీది వంతెన బరువుకు గొలుసు నిలవక దభీమని పడిపోతుంటే, గోడ లోపల ఎదురు బరువు వేలాడదీయాలనుకున్నాను. ఫిషింగ్ హార్బర్ దగ్గర వలలకు కట్టే సీసపు గుండ్లు తెస్తానంటే, పిల్లలాడే వస్తువులో సీసమేమిటి మామయ్యా అని మా కోడలు అడ్డు చెప్పింది. ఆ మాటా నిజమే కనుక ఇనుప నట్లు రెండు కట్టాను.

పనిముట్లు పట్టడం అలవాటున్నవారు, తప్పు దొరికితే సంతోషించే స్వభావం ఉన్నవారు ఈ కిట్టును నిశ్చింతగా కొనవచ్చు. అయిదుకు మూడున్నర ఇస్తాను. పిల్లలకు సెలవుల్లో కాలక్షేపమని కొనేవారు మాత్రం ఆగడం మంచిది, కొన్నా వానలు వెళ్ళిన తరువాత డబ్బా విప్పడం మేలు. కోట అడుగు పలక ముందు నుంచి వెనుకకు 420 మిల్లీమీటర్లని డబ్బా మీద ఎక్కడా వేయలేదు. మా కొలువు మెట్టు వెడల్పు తొమ్మిది అంగుళాలే కావడంతో, కోటకోసం కింద ఒక పీట వేయాలని, దాని చుట్టూ ఇసుక పోసి అగడ్త చేయాలని మనవరాలు ఇప్పుడే నిర్ణయించేసింది.