సెకండ్ హ్యాండ్ హోండా బ్రియో: మూడు లక్షల లోపు రోజూ ఆఫీసుకి తిప్పుకునే బండి కావాలంటే

ముందే చెప్పేస్తున్నాను. మూడు లక్షల లోపు బడ్జెట్, రోజూ హైదరాబాద్ ట్రాఫిక్‌లో తిరగాలి, అస్తమానం మెకానిక్ షెడ్డు చుట్టూ తిరగకూడదు, పైగా నడుపుతుంటే హుషారు రావాలి అనుకునేవాళ్లకి నేను చెప్పే బండి హోండా బ్రియో పెట్రోల్. స్విఫ్ట్ ఎందుకు కాదు అని అడుగుతారని తెలుసు. స్విఫ్ట్ మంచి బండే, కానీ మూడు లక్షలకి దొరికే స్విఫ్ట్ ఏ పరిస్థితిలో ఉంటుందో, అదే డబ్బుకి దొరికే బ్రియో ఎలా ఉంటుందో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

మాది నిజాంపేట, ఆఫీసు నానక్‌రామ్‌గూడ. మియాపూర్, హఫీజ్‌పేట ఫ్లైఓవర్, కొండాపూర్, కొత్తగూడ, గచ్చిబౌలి మీదుగా రోజూ వెళ్లి రావడం. ఈ దారి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, పొద్దున తొమ్మిది దాటిందంటే సగం దూరం ఫస్టు, సెకండు గేర్లలోనే పోతుంది. మెట్రో ఉంది కదా అంటారు, మియాపూర్‌లో ఎక్కితే అమీర్‌పేటలో మారి రాయదుర్గంలో దిగి అక్కణ్ణుంచి మళ్లీ ఆటో వెతుక్కోవాలి. అందుకే సొంత బండి. నేను తీసుకున్నది 2013 మోడల్, ఎస్ (ఓ) వేరియంట్, మాన్యువల్ గేర్లు, ఒకే ఓనర్ నడిపింది. ఏడాది దాటింది. ఈ ఏడాదిలో ఒక్కసారి కూడా రోడ్డు మీద ఆగిపోలేదు.

బ్రియో మన దగ్గర 2011 సెప్టెంబరులో వచ్చింది, 2019లో అమ్మకాలు ఆగిపోయాయి. ఆగిపోయిన మోడల్ అనగానే చాలామంది వెనకడుగు వేస్తారు, స్పేర్ పార్టులు దొరకవేమో అని. రేటు తగ్గడానికి పెద్ద కారణం ఆ భయమే, అది మనకి లాభం. ఎందుకంటే దీని 1.2 లీటర్ ఐ-వీటెక్ ఇంజినే జాజ్‌లోనూ, అమేజ్ పెట్రోల్‌లోనూ ఉంది, పైగా 2013లో వచ్చిన మొదటి అమేజ్ అంటే దాదాపు డిక్కీ తగిలించిన బ్రియోనే. క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్ బుష్‌లు, ఫిల్టర్లు ఏవి కావాలన్నా ఇబ్బంది లేదు. బ్రియోకి మాత్రమే సరిపోయే బాడీ పార్టులు, ముఖ్యంగా వెనక అద్దం, అవి మాత్రం ఆలస్యం అవుతాయి, రేటు కూడా ఎక్కువే. ఈ బండికి వెనక డోరు మొత్తం గాజే, చుట్టూ రేకు ఉండదు. చూడ్డానికి అందంగా ఉంటుంది, రివర్స్‌లో ఎవరైనా గుద్దితే మాత్రం డెంటింగ్‌తో పోయే పని కాదు. కొనేముందు ఆ గాజు అంచుల్లో పగుళ్లు, హింజ్‌ల దగ్గర నీళ్లు దిగిన మరకలు ఉన్నాయేమో చూసుకోండి.

ఇక హుషారు సంగతి. ఇంజిన్ 1198 సీసీ, 88 పీఎస్. ఈ అంకె ఒక్కటే చూస్తే గొప్పగా ఏమీ అనిపించదు. కానీ బండి బరువు తొమ్మిది వందల కిలోల పైచిల్లరే, పొడవు 3.6 మీటర్లు, టర్నింగ్ రేడియస్ 4.5 మీటర్లు. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కే చోట సెకండ్ గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే మొదట్లో మామూలుగానే వెళ్తుంది, నాలుగు వేల ఆర్పీఎం దాటాక ఇంజిన్ గొంతు మారుతుంది, అక్కణ్ణుంచి ఆరు వేల దాకా ఆగకుండా లాగుతుంది. టర్బో బండిలాగా ఒక్కసారి తోసినట్టు ఉండదు, మనం ఎంత తొక్కితే అంతే ఇస్తుంది. గేర్ లివర్ పొట్టిది, రెండు వేళ్లతో పడిపోతుంది. నగరంలో నలభై, యాభై స్పీడులోనే ఈ ఆనందమంతా దొరుకుతుంది, అదే నాకు నచ్చిన విషయం. నూట యాభై హార్స్‌పవర్ ఉన్న బండి కొనుక్కుని హఫీజ్‌పేట సిగ్నల్ దగ్గర ఏం చేస్తాం? చిన్నగా, తేలిగ్గా ఉండి, టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ ఉంటే రోజూ నడిపే దారిలోనే సరదా ఉంటుంది.

నమ్మకం విషయానికొస్తే, ఈ ఇంజిన్‌కి కొన్నాళ్లకోసారి మార్చాల్సిన టైమింగ్ బెల్ట్ కాదు, చైన్. టర్బో లేదు, డీజిల్ ఇంజెక్టర్ల ఖర్చు లేదు. ఆయిల్ టైముకి మార్చిన బండి అయితే లక్షన్నర కిలోమీటర్ల దాకా ఇంజిన్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, దీని టాపెట్లు (ఇంజిన్ వాల్వులని కదిలించేవి) వాటంతటవే సర్దుకునే హైడ్రాలిక్ రకం కాదు, స్క్రూతో సెట్ చేసేవి. పాత బళ్లలో పొద్దున్నే టిక్ టిక్ అని చప్పుడు వస్తుంటే చాలామంది ఇంజిన్ పోయిందని కంగారు పడతారు, ఎక్కువసార్లు టాపెట్ సెట్టింగ్ చేయిస్తే పోతుంది. ఆ వంకతో ఓనర్ రేటు తగ్గిస్తే మీకే మంచిది, కానీ ముందు మీ మెకానిక్ చెవిన వేసి ఖాయం చేసుకోండి.

లోపాలు కూడా చెప్పాలి, లేకపోతే ఇది రివ్యూ అవ్వదు. రోడ్డు చప్పుడు బాగా లోపలికి వస్తుంది, ఓఆర్‌ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) మీద వంద దాటితే పాటల సౌండ్ పెంచాల్సిందే. డోర్లు వేస్తే తేలిగ్గా, రేకు చప్పుడు చేస్తాయి. డిక్కీ 175 లీటర్లు, అంటే రెండు క్యాబిన్ బ్యాగులు, ఒక కూరగాయల సంచి, అంతే. సంక్రాంతికి నలుగురు లగేజీతో ఊరికి వెళ్లాలంటే ఈ బండి చాలదు. ఎండాకాలం సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగితే ఏసీ చల్లదనం తగ్గుతుంది, బండి కదిలితే మళ్లీ వస్తుంది. కండెన్సర్ శుభ్రం చేయించి గ్యాస్ చెక్ చేయిస్తే నయం. నిండా మనుషులుంటే కాలనీ స్పీడ్ బ్రేకర్లకి అడుగు తగులుతుంది, ఐమూలగా ఎక్కించాల్సి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, కింది వేరియంట్లయిన ‘ఈ’ (E), ‘ఎస్’ (S)లలో ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లేవు. ఎస్ (ఓ), వి వేరియంట్లలో రెండూ ఉన్నాయి. ఇరవై, ముప్పై వేలు ఎక్కువైనా అవే తీసుకోండి, ఈ విషయంలో బేరం పెట్టుకోవద్దు.

మైలేజీ సిటీలో నాకు పన్నెండు, పదమూడు మధ్య వస్తోంది, విజయవాడ హైవే మీద పదిహేడు దాకా వచ్చింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, 2009 నుంచి తయారైన తన బళ్ల భాగాలు ఆ పెట్రోల్‌కి తట్టుకుంటాయని హోండా చెప్పింది, కానీ మైలేజీ కాస్త తగ్గడం ఖాయం. అయినా పాత బండి కాబట్టి ఫ్యూయల్ పైపులు, రబ్బరు భాగాలు సర్వీసుకి వెళ్లినప్పుడల్లా చూపించుకోవాలి. ఇది బ్రియో ఒక్కదానికే కాదు, పదేళ్లు దాటిన ప్రతి పెట్రోల్ బండికీ ఉన్న సంగతే.

వేరే బళ్లు చూడలేదా అంటే చూశాను. స్విఫ్ట్ 2011 తర్వాత మోడల్ పెట్రోల్ నడపడానికి బ్రియో అంత సరదాగా ఉంటుంది, రోడ్డుని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. కానీ డిమాండ్ ఎక్కువ కాబట్టి మూడు లక్షలకి దొరికేవి బాగా తిరిగినవో, ముగ్గురు నలుగురు ఓనర్లు మారినవో. మీ దగ్గర నాలుగు లక్షలుంటే నిస్సంకోచంగా స్విఫ్ట్‌కే వెళ్లండి. హ్యుందాయ్ ఐ10 (1.2 కప్పా ఇంజిన్‌ది) నమ్మకమైన బండి, ఏసీ అదరగొడుతుంది, స్టీరింగ్‌లో మాత్రం ప్రాణం ఉండదు. పాత ఫోర్డ్ ఫిగో స్టీరింగ్, సస్పెన్షన్ నాకు అన్నిటికంటే నచ్చాయి, పెట్రోల్ ఇంజిన్ మరీ నీరసం, పైగా ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పోలో 1.2 మూడు సిలిండర్ల ఇంజిన్‌కి ఆ బండి బరువు ఎక్కువ, సర్వీసు ఖర్చు కూడా ఎక్కువే. టొయోటా లివా గట్టి బండి, ఇంట్లో పెద్దవాళ్లకి బాగా నచ్చుతుంది. రెండు లక్షల లోపే ఉంటే ఆల్టో కె10 చూడండి, అంత తేలికైన బండిలో వెయ్యి సీసీ ఇంజిన్ అంటే మీరు అనుకున్నదానికంటే చురుగ్గా ఉంటుంది.

ఇప్పుడు కొనడం గురించి. మోడల్ ఏది అన్నదాని కంటే, మీరు చూస్తున్న ఆ ఒక్క బండి ఎలా ఉంది అన్నదే ముఖ్యం. పాత బళ్లు అమ్మే కన్సల్టెన్సీల దగ్గర ప్రతి బండీ «ఒక్క చేతి బండి సార్, డాక్టర్ గారు నడిపింది» అనే మాటతోనే మొదలవుతుంది. వినండి, తర్వాత డోరు తీసి పిల్లర్ మీదున్న రబ్బరు బీడింగ్ పైకి లాగండి. కింద కంపెనీ స్పాట్ వెల్డింగ్ గుర్తులు, చిన్న గుండ్రటి గుంటలు, వరసగా సమానమైన దూరంలో కనిపించాలి. అక్కడ నున్నగా ఉన్నా, పెయింటు మందంగా ఉన్నా, గుంటలు ఒక చోట ఉండి ఒక చోట లేకపోయినా ఆ పిల్లర్ మీద పని జరిగినట్టే. అలాగే బానెట్ ఎత్తి ముందు పట్టీ, రెండు పక్కల ఆప్రాన్లు (ఇంజిన్‌కి అటూ ఇటూ ఉండే రేకు గోడలు) చూడండి, డిక్కీలో స్టెప్నీ తీసి కింద నేల చూడండి. బంపరు, ఫెండర్ టచప్‌లు మన ఊళ్లో లేని బండి ఉండదు, వాటికి భయపడక్కర్లేదు. పిల్లర్, ఆప్రాన్ దెబ్బతిన్న బండిని మాత్రం ఎంత తక్కువకి ఇచ్చినా వదిలేయండి.

నాకు మొదట నచ్చిన బ్రియో ఒకటి అలాగే వదిలేశాను. ఎర్ర రంగు, తళతళలాడుతోంది, మీటరు నలభై రెండు వేలు చూపిస్తోంది. రిజిస్ట్రేషన్ నంబరుతో కంపెనీ సర్వీసు సెంటర్లో కనుక్కుంటే అంతకు మూడేళ్ల ముందే డెబ్భై వేలు దాటిన రికార్డు ఉంది. మీటరు తిప్పారని అర్థమైపోయింది. కాబట్టి సర్వీసు హిస్టరీ తెప్పించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. క్లచ్ పెడల్ అరిగి నున్నగా అయిందా, స్టీరింగ్ తోలు మెరుస్తోందా, డ్రైవర్ సీటు కుంగిందా, ఇవి మీటరు చెప్పే అంకెతో సరిపోవాలి. టైరు మీద నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం.

పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి, ముందే స్టార్ట్ చేసి పెట్టొద్దని ఫోన్‌లో చెప్పండి. మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి, ఆయనకి ఇచ్చే వెయ్యో పదిహేను వందలో వృథా కాదు. నా బండిని మా మెకానిక్ ఒక రౌండు నడిపి దిగి, «ఇంజిన్ సూపర్ అన్నా, క్లచ్ మాత్రం త్వరలో మార్చాలి, ఆ డబ్బు తగ్గించమని అడుగు» అన్నాడు. అడిగితే ఓనర్ ఒప్పుకున్నారు. ట్రాఫిక్‌లో తిరిగిన హోండాలకి క్లచ్ చూసుకోవడం తప్పనిసరి.

కాగితాల దగ్గర బద్ధకం వద్దు. ఆర్సీలో ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 (లోన్ తీరిపోయిందని చెప్పే కాగితం) చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. పేరు మార్పిడికి కావాల్సిన 29, 30 ఫారాల మీద సంతకాలు మీ ముందే పెట్టించుకోండి, చలాన్లు ఎన్ని ఉన్నాయో ఆన్‌లైన్‌లో చూసి అమ్మేవాళ్లతోనే కట్టించండి. ఏపీ రిజిస్ట్రేషన్ బండి తెలంగాణలో పేరు మార్చుకోవాలంటే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీతో పాటు ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కూడా కట్టాలి, ఆ ఖర్చు బేరంలోనే కలుపుకోండి. రాష్ట్రం విడిపోకముందు ఇక్కడే రిజిస్టర్ అయిన ఏపీ 09, ఏపీ 28 లాంటి నంబర్లతో దాన్ని కలిపి గందరగోళపడకండి. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లో మీ పేరుకి మార్చుకోవాలి, నో క్లెయిమ్ బోనస్ మాత్రం పాత ఓనర్‌దే, మీకు రాదు. 2012 మోడల్ తీసుకుంటే 2027లో పదిహేనేళ్లు నిండి మళ్లీ రిజిస్ట్రేషన్, గ్రీన్ ట్యాక్స్ అంటూ తిరగాలి, అందుకే 2014 నుంచి పైకి చూడండి. చివరి ఏళ్లలో తయారైన బ్రియోలకి ఫ్యూయల్ పంపు రీకాల్ (లోపం ఉందని కంపెనీయే పిలిచి మార్చడం) ఉంది, హోండా సైట్‌లో ఛాసిస్ నంబరు కొడితే మీ బండి ఉందో లేదో తెలుస్తుంది, ఉంటే ఉచితంగా మారుస్తారు.

ఎడమకాలు నొప్పి ఉన్నవాళ్లు, రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో ఉండేవాళ్లు బ్రియో ఆటోమేటిక్ వెతకండి. అది ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌కే మోటారు తగిలించి గేర్లు మార్చే రకం) కాదు, అయిదు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, కుదుపు లేకుండా మారుతుంది, గట్టిగా నిలబడే గేర్‌బాక్స్. సిటీలో మైలేజీ పదికి అటూ ఇటూ ఉంటుంది, మాన్యువల్‌లో ఉన్నంత చురుకు ఉండదు. చాలా తక్కువ దొరుకుతాయి, దొరికితే ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో బిల్లు చూసి తీసుకోండి.