అమ్మతో ఆర్కిటిక్ చలికాలం: అబిస్కో, ట్రోమ్సోల్లో ఎక్కడ ఖర్చు పెట్టాం, ఎక్కడ ఆపుకున్నాం

నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సోలో మా మొదటి రాత్రి గురించే ముందు చెప్తాను. అక్కడికి వెళ్లే మనవాళ్లు చాలామంది మొదట బుక్ చేసుకునేది అదే కాబట్టి. అరోరా, అంటే ఆ ఉత్తరాది రాత్రుల్లో ఆకాశంలో ఆడే రంగు వెలుగులు, చూపించే టూరు. పెద్ద బస్సు, యాభై మంది దాకా జనం, మనిషికి సుమారు వెయ్యి నార్వే క్రోనర్లు. క్రోనరంటే మన తొమ్మిది రూపాయలకు కాస్త అటూఇటూ. రాత్రి ఏడింటికి హార్బర్ దగ్గర ఎక్కించుకుని, ముప్పావుగంట దూరంలో సముద్రపు పాయ ఒడ్డున దింపారు. ఆకాశమంతా మబ్బు. ఒక్క చుక్క కనపడలేదు. "కాసేపు చూద్దాం" అన్నాడు గైడు. అలా మూడు గంటలు చూశాం.

మా అమ్మకి అరవై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. వాళ్లిచ్చిన థర్మల్ సూట్ ఆవిడ పాదాల దగ్గర జానెడు కింద మడతపడింది. ఆ మడత తొక్కుకుంటూ మంచు మీద నడవాలి. ఇంకో సైజు ఉందా అని అడిగితే ఇవే ఉన్నాయన్నారు. పదకొండు కావస్తుండగా వెనక్కి తిప్పారు. ప్రకృతి కదా, హామీ ఇవ్వలేం అన్నారు. నిజమే, ఎవరూ ఇవ్వలేరు. కానీ అదే రాత్రి, అక్కడికి గంటన్నర అవతల, లోతట్టు లోయలో ఆకాశం తేటగా ఉందని మర్నాడు తెలిసింది. బస్సు అక్కడిదాకా ఎందుకు వెళ్లలేదంటే, ఆ టికెట్టులో అంత దూరం లేదు. నా కోపమంతా అందుకే.

ఆర్కిటిక్‌లో మనం డబ్బిచ్చేది చూడబోయే దృశ్యానికి కాదని ఆ రాత్రి నాకు బాగా అర్థమైంది. ఆకాశానికి టికెట్ లేదు. ఇచ్చేదంతా గైడు తెలివికి, ఓపికకి, అవసరమైతే మూడు గంటలు బండి నడపడానికి, ఇంకా అవసరమైతే "వద్దు, మీరు దీనికి రాకండి" అని మనతో చెప్పే నిజాయితీకి.

మేం వెళ్లింది ఈ సంక్రాంతికి. తమ్ముడు స్టాక్‌హోంలో ఉంటాడు. అమ్మా నేనూ హైదరాబాద్ నుంచి వాడింటికి వెళ్లి, అక్కడి నుంచి ముగ్గురం రాత్రి రైలెక్కాం. స్టాక్‌హోం నుంచి నార్వేలోని నార్విక్ దాకా దాదాపు పద్దెనిమిది గంటలు. ఉత్తరాన ఇది ఇనుప ఖనిజం లైను. కిరునా గనుల నుంచి నార్విక్ రేవుకి ఖనిజం మోయడానికి 1903లో మొదలైంది. చలికాలంలో కూడా గడ్డకట్టని రేవు కాబట్టి అక్కడిదాకా వేశారు. ఇప్పటికీ ఆ గూడ్సు బళ్లదే పెత్తనం. 2023 డిసెంబరులో ఒకటి పట్టాలు తప్పి రెండు నెలలు లైను మూతపడింది, తెరిచిన కొద్ది రోజులకే 2024 ఫిబ్రవరిలో మరొకటి తప్పింది. మా రైలు మూడు గంటలే ఆలస్యం. రైల్లో వెళ్లేవాళ్లు చేరిన రోజునే ఏ టూరూ పెట్టుకోవద్దు, ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.

ఆ లైను మీదే నార్విక్‌కి ముందు వచ్చే అబిస్కో చిన్న ఊరు. స్వీడన్‌కి ఉత్తరపు కొసన, టోర్నెట్రాస్క్ అనే డెబ్భై కిలోమీటర్ల పొడవాటి సరస్సు ఒడ్డున ఉంటుంది. పడమటి నుంచి వచ్చే మబ్బుల్ని నార్వే కొండలు ఆపేస్తాయి, అందుకని ఇక్కడ ఆకాశం చుట్టుపక్కల ఊళ్ల కంటే ఎక్కువ రాత్రులు తేటగా ఉంటుంది. జాతీయ ఉద్యానవనం 1909 నాటిది. రైలు స్టేషన్లు రెండున్నాయి: ఊరిది అబిస్కో ఓస్ట్రా, పార్కు దగ్గరది అబిస్కో తురిస్త్‌స్టేషన్. బస ఎక్కడో చూసుకుని దిగండి. మైనస్ ఇరవై నాలుగులో పెట్టెలు లాక్కుంటూ ఒక దాన్నుంచి రెండోదానికి నడవడం కుదిరే పని కాదు.

మేం ఊళ్లో వంటగది ఉన్న హాస్టల్లో దిగాం. గది మామూలుది, బాత్రూం ఉమ్మడి. కానీ వేడి బాగుంది, కుక్కరు పెట్టుకునే పొయ్యి ఉంది. పండగ పూట అమ్మ పులగం వండింది. నెయ్యి మాత్రం లేదు. పాలతో, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి ఐరోపాలోకి తేకూడదని తమ్ముడు ముందే ఫోన్లో చెప్పాడు, సీసా ఇంట్లోనే వదిలేశాం. ఆవకాయ, కందిపొడి వచ్చాయి. పొద్దున్న పదింటికి వెలుగు రాగానే అమ్మ కర్ర పట్టుకుని హాస్టల్ ముందు మంచు మీద ముగ్గు గీసింది. చుక్కల ముగ్గు, తొమ్మిది వరసలు. పక్క గది జర్మన్ పిల్లలిద్దరు వచ్చి చుక్కలు లెక్కపెట్టారు.

అక్కడ నుయోలా కొండ మీద అరోరా స్కై స్టేషన్ అని ప్రసిద్ధమైన చోటుంది. తొమ్మిది వందల మీటర్ల ఎత్తుకి, తెరిచి ఉన్న కుర్చీ లిఫ్టులో ఇరవై నిమిషాలు. వెళ్దామనే అనుకున్నాం. అక్కడి గైడు అమ్మని చూసి, "ఈ చలిలో గాలి తగులుతూ ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, దిగేటప్పుడు మళ్లీ ఇరవై. మీ అమ్మగారికి నేను వద్దంటాను" అంది. ఆ మాటతో ఒక టికెట్టు డబ్బు పోయింది వాళ్లకి. అయినా చెప్పింది. బదులుగా సరస్సు ఒడ్డుకి గంటన్నర నడక టూరు తీసుకున్నాం. బయల్దేరే ముందు ఆ అమ్మాయి మంచులో మోకాళ్ల మీద కూర్చుని అమ్మ బూట్లకి ఇనుప ముళ్ల పట్టీలు తనే తొడిగింది, గట్టిగా లాగి చూసింది, రెండడుగులు వేయించింది. ఒడ్డున అందరం లైట్లు ఆర్పి నిలబడ్డాం. ఉండుండి సరస్సు మంచు లోపల్నుంచి మూలుగు లాంటి శబ్దం వచ్చేది, దూరంగా మొదలై మన కాళ్ల కిందుగా పోయినట్టు. అరోరా ఆ రాత్రి సన్నగా, గీతలా, ఉత్తరాన కనిపించి పోయింది. నాకు గుర్తుండిపోయింది ఆ మూలుగే.

నార్విక్ నుంచి ట్రోమ్సోకి బస్సు, నాలుగు గంటలు. ట్రోమ్సో అబిస్కో కంటే ఇంకా ఉత్తరాన ఉన్నా చలి తక్కువ, మైనస్ నాలుగు, అయిదు. వెచ్చటి సముద్ర ప్రవాహం తీరం వెంబడి రావడమే కారణం. కానీ అదే సముద్రం మబ్బుల్ని కూడా తెస్తుంది. అందుకే ట్రోమ్సోలో అరోరా "వేట" అంటారు. మనవాళ్లు ఫోన్లో అరోరా బలాన్ని సూచించే కేపీ అంకె చూసి రెండే ఉందని దిగులుపడతారు. ధ్రువం చుట్టూ అరోరా తరచూ కనిపించే వలయం కిందే ట్రోమ్సో ఉంది, ఒకటీ రెండూ ఉన్నా చాలు. చూడాల్సింది మబ్బు.

బస్సు రాత్రి తర్వాత ఎనిమిది సీట్ల వ్యాను తీసుకున్నాం. మనిషికి పంతొమ్మిది వందల క్రోనర్లు, దాదాపు రెట్టింపు. ముగ్గురికీ కలిపి అరలక్ష దాటుతుంది, ఆలోచించే కట్టాం. గైడు ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాడు. మధ్యాహ్నమే మెసేజ్ పెట్టాడు: పాస్‌పోర్టులు తెచ్చుకోండి, ఫిన్లాండ్ దాకా వెళ్లాల్సి రావచ్చు, అర్ధరాత్రి దాటుతుంది. అమ్మ ఎత్తు, బూటు సైజు అడిగాడు. సూట్ సరిగ్గా సరిపోయింది. దారిలో రెండుచోట్ల ఆపి నార్వే వాతావరణ శాఖ వాళ్ల 'యర్' యాప్‌లో మబ్బుల పటం చూశాడు, ఇంకో లోయలో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేశాడు. షిబోత్న్ దగ్గర చుక్కలు కనిపించాయి గానీ పల్చటి పొర ఉందని ఇంకా పోనిచ్చాడు. సరిహద్దు దాటి కిల్పిస్‌యార్వి దగ్గర ఆపాడు. రెండున్నర గంటల పైన ప్రయాణం.

అక్కడ దిగగానే ఆకాశంలో బూడిద రంగు పట్టీ ఒకటి ఉంది.

"అది మబ్బే కదే," అంది అమ్మ.

గైడు ఫోన్ స్టాండు మీద పెట్టి ఫొటో తీసి చూపించాడు. తెరమీద ఆకుపచ్చ. ఈ సంగతి ముందే తెలిసి వెళ్లడం మంచిది: అరోరా బలహీనంగా ఉంటే కంటికి తెల్లగా, బూడిదగా ఉంటుంది, చీకట్లో మన కన్ను రంగుల్ని పట్టలేదు. ఫొటోల్లో చూసిన రంగులు అడుగుపెట్టగానే ఉంటాయనుకుంటే నిరాశపడతారు. అతను నిప్పు రాజేసి, అమ్మకి రెయిన్‌డీర్ చర్మం పరిచి కూర్చోబెట్టి, వేడి వేడి బ్లాక్‌కరెంట్ రసం ఇచ్చాడు. ఇరవై నిమిషాలయ్యాక "లేవండి, లేవండి" అన్నాడు. తూర్పు నుంచి ఆ పట్టీ చీలి, నెత్తి మీదికి వచ్చి, పరుగెత్తడం మొదలుపెట్టింది. ఈసారి కళ్లకే పచ్చగా ఉంది. అడుగున సన్నగా గులాబి. ఆకుపచ్చ వంద కిలోమీటర్లకు పైన ఆక్సిజన్ది, గులాబి దానికింకా కిందనున్న నైట్రోజన్ది అని గైడు చెప్తున్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "పచ్చ చీరకి గులాబి అంచు చూడవే, ఎవరో ఆరేసి దులుపుతున్నట్టుంది," అంది. ఏడెనిమిది నిమిషాలు. ఫోన్ బ్యాటరీ చలికి పడిపోయి నేను వీడియో తీయలేకపోయాను. ఫోను లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకోండి.

ఇల్లు చేరేసరికి తెల్లవారుజాము మూడు. ఆ ఖర్చు నాకు ఒక్క క్షణం కూడా బాధ అనిపించలేదు.

కుక్కల స్లెడ్జి గురించి అమ్మ మొదట వద్దంది, మూగజీవాల చేత బండి లాగించడమేంటని. క్వాలోయా దీవిలో ఒక పెంపకందారు కుటుంబానికి మెయిల్ రాసి అడిగాం: ముసలివైన కుక్కల్ని ఏం చేస్తారు, రోజుకెన్ని ట్రిప్పులు లాగిస్తారు. ప్రతి ప్రశ్నకీ వివరంగా జవాబిచ్చారు, రిటైరైన కుక్కలు ఇళ్లకి పెంపుడుకి వెళ్తాయన్నారు. ఇలాంటివి అడిగితే జవాబివ్వని చోటికి వెళ్లొద్దు. వెళ్లాక అమ్మే మనసు మార్చుకుంది. అవి మనం బొమ్మల్లో చూసే నీలికళ్ల బొద్దు హస్కీలు కావు, సన్నగా పొడుగు కాళ్లతో ఉండే అలాస్కన్ హస్కీలు. కట్టుతున్నంతసేపూ ఒకటే గోల, అరుపులు, గెంతులు, తాళ్లు కొరకడం. లంగరు కొక్కెం మంచులోంచి పీకగానే ఒక్కసారిగా నిశ్శబ్దం. స్లెడ్జి పట్టీల కింద మంచు గీరుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. తమ్ముడు వెనక నిలబడి బ్రేకు తొక్కుతూ నడిపాడు. వాళ్లు చెప్పింది ఒకటే నియమం: ఏం జరిగినా పిడి వదలొద్దు, మనం పడినా కుక్కలు ఆగవు. అమ్మని గైడు తన స్లెడ్జిలోనే కూర్చోబెట్టుకున్నాడు, కుదుపులు తక్కువుండే దారిన. అయ్యాక అమ్మ ఒక కుక్క పాదానికి తొడిగిన గుడ్డ మేజోడు విప్పుతూ, వేళ్ల సందుల్లో మంచు ఉండలు తీసిపెట్టింది. అది మారాం చెయ్యకుండా రెండో పాదం కూడా ఇచ్చింది.

అక్కడి ఆదివాసులైన సామీల కుటుంబం నడిపే రెయిన్‌డీర్ల చోటుకి వెళ్లినప్పుడు, మీకెన్ని ఉన్నాయని అడగకండి. బ్యాంకులో ఎంతుందని అడిగినట్టు వాళ్లకి. వాటికి మేత వేయించి, లావ్వు అనే గుడారంలో నిప్పు చుట్టూ కూర్చోబెట్టారు. అందరికీ బిదోస్ అనే రెయిన్‌డీర్ మాంసం పులుసు. ముందే రాసి ఉంచాం కాబట్టి మాకు కూరగాయల సూప్ విడిగా చేశారు. ఈ మధ్య చలికాలంలో వాన పడి, అది మంచు మీద గడ్డకట్టి, కింద ఉన్న నాచు జీవాలకి అందడం లేదని, మేత కొని వేయాల్సి వస్తోందని ఆ ఇంటావిడ చెప్పింది. వాళ్ల అమ్మమ్మ తరంలో పిల్లల్ని హాస్టల్ బళ్లలో వేసి సామీ మాట్లాడనిచ్చేవారు కాదని కూడా చెప్పింది. సామీలకి నార్వేలో సొంత పార్లమెంటు 1989లో గానీ రాలేదు. తర్వాత ఆవిడ యోయిక్ అనే సామీల సంప్రదాయ పాట పాడింది. ట్రోమ్సోలో అందరూ సామీ అనుభవం అమ్ముతారు, నడిపేది సామీలేనా అని చూసుకుని బుక్ చేయండి.

తిమింగలాల టూరుకి వెళ్లలేదు. అవి షెర్వోయ్ దగ్గర హెర్రింగ్ చేపల వెంట వచ్చేది నవంబరు నుంచి జనవరి దాకా, మేం వెళ్లేసరికి ఆఖరు రోజులు, పైగా గాలి. అవే ముఖ్యమైతే డిసెంబరు మొదట్లో వెళ్లాలి, కానీ అప్పుడు సూర్యుడే ఉండడు.

ట్రోమ్సోలో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. రోజుకి పద్దెనిమిది వందల క్రోనర్లు, ముగ్గురికీ. ఫర్నిచర్ పాతది, వీధి ఏటవాలు. అదే చాలు. హోటలుకి పెట్టే డబ్బు వ్యానుకి పెట్టాం. బయట ఒక్క పిజ్జా రెండొందల క్రోనర్లు దాటుతుంది. సూపర్‌మార్కెట్లో పెరుగు, బియ్యం, పప్పులు, కూరగాయలు అన్నీ దొరుకుతాయి, ఆదివారం చాలావరకు మూసేస్తారు కాబట్టి శనివారమే తెచ్చుకోవాలి. కుళాయి నీళ్లే తాగచ్చు. బట్టల్లో కాటన్ వద్దు, చెమట పీల్చుకుని ఒంటి మీదే చల్లబడిపోతుంది. లోపల ఉన్ని, బూటు ఒక సైజు పెద్దది.

ఆఖరి రోజు జనవరి 21. ట్రోమ్సోలో నవంబరు ఆఖరున పోయిన సూర్యుడు లెక్క ప్రకారం జనవరి పదిహేనుకి, అంటే సరిగ్గా మన సంక్రాంతికి, క్షితిజం దాటతాడు. కానీ కొండలు అడ్డం కాబట్టి ఊరికి కనిపించేది 21న. ఆ రోజుని సూర్యుడి రోజంటారు, జామ్ నింపిన బొబ్బట్టంత బూరెల్లాంటివి తింటారు, వాటి పేరు సూల్‌బొల్లె. బేకరీ ముందు క్యూ కట్టి మూడు కొన్నాం. కేబుల్ కారులో నాలుగొందల ఇరవై ఒక్క మీటర్ల ఎత్తుకెక్కాం. ఆ కొండకి నేపాల్ షేర్పాలు కట్టిన మెట్లు కూడా ఉన్నాయి, చలికాలంలో అటు వెళ్లొద్దు. పైన బడిపిల్లలు, ముసలివాళ్లు, అందరూ దక్షిణానికి తిరిగి నిలబడ్డారు. మధ్యాహ్నం పన్నెండు ముందు రెండు కొండల సందున ఎర్రగా అంచు పైకి వచ్చింది. పిల్లలు కేకలు పెట్టారు. అమ్మ గ్లవ్స్ విప్పేసి చేతులు జోడించింది. నేను వాచీ చూశాను, నాలుగు నిమిషాలు. మబ్బు కమ్మాక అమ్మ గ్లవ్స్ తొడుక్కుని, సంచీలోంచి సూల్‌బొల్లె తీసి ముగ్గురికీ పంచింది.