వ్యాన్‌లో పడుకునేవారికి కార్బన్ మోనాక్సైడ్ అలారం: ఏళ్ల తరబడి వాడాక

విశాఖలో ఉంటూ హీటరు మాటేమిటని నవ్వేవారు నవ్వవచ్చు. రుషికొండలోనో భీమిలిలోనో వ్యాన్ ఆపుకుని పడుకుంటే జనవరిలోనూ ఒక దుప్పటి చాలు. కొండెక్కితే లెక్క వేరు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత అప్పుడప్పుడు సున్నా దగ్గరికి పడిపోతుంది. పర్యాటకులకు గదులుంటాయి. వారిని తీసుకొచ్చిన టెంపో ట్రావెలర్ డ్రైవర్లు బండిలోనే పడుకుంటారు. నాలాగా వ్యాన్‌నే ఇల్లు చేసుకున్నవాళ్లం వారి పక్కనే ఆపుకుంటాం. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే ఈ అలారం మా అందరి బండ్లలోనూ తిరిగింది.

చూడటానికి అరచేతిలో పట్టే తెల్ల డబ్బా. బ్యాటరీలతో నడుస్తుంది, తెర మీద అంకెలు చూపుతుంది. నేను కొన్నప్పుడు ధర రెండున్నర వేలు. కొనేటప్పుడు నేను వెతికింది ఒక్కటే: ఐరోపా ప్రమాణం ఈఎన్ 50291లో రెండో భాగం, అంటే వాహనాలకూ పడవలకూ ఉద్దేశించినది. దాని ప్రకారం గాలిలో పది లక్షల వంతులకు 50 వంతుల కార్బన్ మోనాక్సైడ్ ఉంటే గంట నుంచి గంటన్నర లోపు, 100 ఉంటే 10 నుంచి 40 నిమిషాల లోపు, 300 ఉంటే 3 నిమిషాల్లోనే మోగాలి. తక్కువ మోతాదుకు ఆలస్యంగా మోగడం లోపం కాదు. ఆ వాయువు రక్తంలో మెల్లగా పేరుకుంటుంది, దాన్ని బట్టే ఈ గడువులు.

అసలు శత్రువు హీటరు కాదు, కుంపటి. బయట చలిమంట ఆరాక మిగిలిన నిప్పులను ఇనుప బొచ్చెలో వేసి బండిలోకి తెచ్చుకోవడం ఘాట్ మీద పాత అలవాటు. "పొగ రావడం లేదు కదా బాబూ" అంటారు పెద్దవాళ్లు. పొగ ఆగిన ఎర్రటి బొగ్గులే కార్బన్ మోనాక్సైడును ధారాళంగా వదులుతాయి. దానికి రంగూ లేదు, వాసనా లేదు. ఒక రాత్రి మా పక్క బండిలో ఇదే జరిగింది. అదృష్టవశాత్తు ఆ రోజు అలారం వారి దగ్గర ఉంది. మోగింది ఆ బండి డ్రైవరు తల దగ్గర, లేచింది మేము. రోజంతా మలుపులు తిప్పిన మనిషి నిద్ర అలా ఉంటుంది. మా అద్దాలు దించి ఉన్నాయి కాబట్టి వినిపించింది. తలుపు తీసి బయట కూర్చోబెట్టాక తలనొప్పి, వాంతి వచ్చినట్టుందన్నారు. 108కు ఫోను చేద్దామంటే సిగ్నల్ లేదు, ఒక బండిలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆయన కోలుకున్నారు.

అప్పటి నుంచి డ్రైవర్లంతా చందా వేసుకుని మరికొన్ని అలారాలు కొన్నారు. అరకు వెళ్లాలన్నా లంబసింగి వెళ్లాలన్నా విశాఖలోని ఎన్‌ఏడీ కూడలి దాటాలి కనుక అక్కడి టీ కొట్టులో ఉంచుతారు. కొండకు వెళ్లేవారు పట్టుకెళ్లి, దిగినవారు తిరిగి ఇస్తారు. రాత్రి చివరగా పడుకునేవారు అన్ని బండ్లూ చుట్టి వస్తారు. "బాబాయ్, రెండు వైపులా అద్దం దించారా? ఇంజిన్ ఆపారా?" అని అడిగి గానీ వెళ్లరు. విసుక్కునేవారూ ఉన్నారు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర ఆపి ఉంచిన క్యారవాన్‌లో జనరేటరు వాయువుకు ఇద్దరు చనిపోయారన్న వార్త వచ్చాక ఆ విసుగు తగ్గింది.

నా వ్యాన్‌లో డీజిల్ హీటరు ఉంది. మంటకు కావలసిన గాలిని బండి కింద నుంచి, బయటి నుంచే తీసుకుని, పొగనూ బయటకే పంపి, లోపలికి వేడి గాలిని మాత్రమే ఇస్తుంది. గంటకు పావు లీటరు డీజిల్ లోపే. పొగగొట్టం అతుకు వదులైతే మాత్రం అదీ కుంపటే, అందుకే అలారం తీయలేదు.

లోపాలకు వస్తే, లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జింగులో వచ్చే హైడ్రోజన్‌కు కూడా ఇది అరుస్తుంది. బ్యాటరీకి దూరంగా పెడితే తగ్గింది. సముద్రపు గాలికి లోపలి స్ప్రింగులు పచ్చబారాయి, నెలకోసారి తుడవాలి. వంటగ్యాస్ లీకును ఇది పట్టదు. ఆ గ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి దాని అలారం వేరే కొని నేలకు దగ్గరగా బిగించాలి. అన్నిటికంటే నాకు చికాకు, మోత బండి బయటికి సరిగా వినిపించకపోవడం. అద్దాలన్నీ మూసుకున్న పక్కబండివారికి అసలు వినపడదు.

డబ్బా వెనుక ముద్రించిన గడువు తేదీ ఈ చలికాలంతో ముగుస్తుంది. ఆ తర్వాత కూడా బటన్ నొక్కితే బ్రహ్మాండంగా మోగుతుంది, ఎందుకంటే ఆ బటన్ పరీక్షించేది మోతనే కానీ వాయువును పసిగట్టే సెన్సరును కాదు. కాబట్టి మళ్లీ ఇదే రకం కొంటాను, పాతదాన్ని మాత్రం ఉచితంగా అడిగినా ఎవరికీ ఇవ్వను.