రొమ్ము క్యాన్సర్ చావులు తగ్గాలంటే ఏది మేలు: మామోగ్రామా, చేత్తో చూసే పరీక్షా, ట్రీట్‌మెంట్ పూర్తిగా అందడమా?

ముందు ఒక లెక్క చెప్తా, వాదన తర్వాత. 2022లో మన దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడ్డ ఆడవాళ్ళు సుమారు 1 లక్షా 92 వేల మంది, అదే ఏడాది ఆ జబ్బుతో పోయినవాళ్ళు సుమారు 98 వేలు. అమెరికాలో ఆ ఏడాది కొత్త కేసులు 2 లక్షల 70 వేల పైన, చావులు 43 వేల దగ్గర. ఇవి డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళ క్యాన్సర్ ఏజెన్సీ అంచనాలు. వయసుల తేడా సరిచేసి లక్ష మందికి ఎంత అని చూస్తే అమెరికాలో జబ్బు వచ్చేవాళ్ళు 95 దాకా, మన దగ్గర 27 లోపే, చనిపోయేవాళ్ళు మాత్రం అక్కడ 12, ఇక్కడ 13 పైన. జబ్బు మనకి వాళ్ళలో మూడో వంతు కూడా రావట్లేదు, చావుల్లో మాత్రం వాళ్ళని దాటేశాం.

దీన్ని చూడగానే చాలామంది అనే మాట, వాళ్ళు మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) తీయించుకుంటారు మనం తీయించుకోం, అంతే కదా అని. అక్టోబర్ వస్తే పింక్ రిబ్బన్లు, వాకథాన్లు, కార్పొరేట్ హాస్పిటల్ వాళ్ళ డిస్కౌంట్ ప్యాకేజీలు, బస్సులో మిషన్ పెట్టుకుని ఊళ్ళ మీదకి రావడం, అన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. నాకు ఇది సగమే నిజం అనిపిస్తుంది. ఆ మిగతా సగం అర్థం కావాలంటే అమెరికా లోపల ఊరికీ ఊరికీ ఉన్న తేడా చూడాలి.

అమెరికాలో రొమ్ము క్యాన్సర్ చావుల రేటు 1989లో పీక్‌కి వెళ్ళి అక్కణ్ణుంచి దిగుతూ వచ్చింది, ఇప్పటికి 40 శాతం పైనే తగ్గింది. కానీ ఆ తగ్గడం అందరికీ ఒకేలా రాలేదు. 1980ల మొదట్లో తెల్ల ఆడవాళ్ళకీ నల్లజాతి ఆడవాళ్ళకీ చావుల రేటు దాదాపు ఒకటే. మందులు, స్క్రీనింగ్ (ఏ లక్షణాలూ లేనివాళ్ళని ముందే పరీక్షించడం) మెరుగయ్యాక గ్యాప్ మొదలైంది చూడండి, ఇప్పుడు నల్లజాతి ఆడవాళ్ళకి జబ్బు వచ్చే అవకాశం కాస్త తక్కువే, చనిపోయే రేటు మాత్రం సుమారు 40 శాతం ఎక్కువ. హవాయి లాంటి చోట చావులు తక్కువ, మిసిసిపి, లూసియానా లాంటి దక్షిణాది రాష్ట్రాల్లో ఎక్కువ. దేశంలోని 50 పెద్ద సిటీలని పోల్చి చూస్తే మెంఫిస్‌లో 2005 నుంచి 2009 మధ్య నల్లజాతి ఆడవాళ్ళ చావుల రేటు తెల్లవాళ్ళకి రెండింతలు దాటింది. అదే దేశం, అవే మందులు, ఒకే ఊరు.

దీంట్లో కొంత జబ్బు స్వభావం కూడా ఉంది, ట్రిపుల్ నెగటివ్ అనే మొండి రకం నల్లజాతి ఆడవాళ్ళలో రెండింతలు కనిపిస్తుంది, హార్మోన్ మాత్రలకి అది లొంగదు. కానీ ఒక్క అదే కారణమైతే 1980ల్లో కూడా గ్యాప్ ఉండాలి కదా, లేదు. కొత్త మందు వచ్చినప్పుడు అది ఎవరికి ముందు అందింది, ఎవరికి ఇన్సూరెన్స్ ఉంది, ఎవరు మధ్యలో ఆపేయాల్సొచ్చింది, తేడా చాలావరకు అక్కడ వచ్చింది.

ఇక మన సంగతి. క్యాన్సర్ కేసుల్ని నమోదు చేసే నేషనల్ క్యాన్సర్ రిజిస్ట్రీ వాళ్ళ 2012-16 రిపోర్టులో రొమ్ము క్యాన్సర్ రేటు దేశంలో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఎక్కడో తెలుసా, మన హైదరాబాద్ జిల్లాలో, లక్షకి 48. చెన్నై 42, బెంగళూరు 40 దాటింది, ఢిల్లీ 38 పైన. లేటు పెళ్ళిళ్ళు, తక్కువ కాన్పులు, పాలివ్వడం తగ్గడం, ఒళ్ళు పెరగడం, సిటీల్లో ఎక్కువ ఉండటానికి డాక్టర్లు చెప్పే కారణాలు ఇవే. పల్లెల రిజిస్ట్రీల్లో రేటు బాగా తక్కువ. అది చూసి పల్లెటూరి ఆడవాళ్ళు సేఫ్ అనుకుంటే పప్పులో కాలేసినట్టే, ఎందుకంటే వచ్చే రేటు వేరు, వచ్చాక బతికే రేటు వేరు. ఇంకోటి, 2020 లెక్క ప్రకారం దేశంలో రిజిస్టర్ అయిన చావుల్లో డాక్టరు కారణం రాసిచ్చినవి నూటికి 22, 23 మాత్రమే. ఊళ్ళో ఇంట్లోనే పోయిన మనిషికి "జబ్బు చేసి పోయింది" అనేదే రికార్డు. కాబట్టి చావుల రేటు తక్కువ కనిపించినంత మాత్రాన ఫలానా జిల్లా బాగుంది అని తేల్చేయడం కుదరదు, నేనైతే నమ్మను.

బతికినవాళ్ళ లెక్క కాస్త నమ్మొచ్చు. మన దేశంలో 11 చోట్ల రిజిస్ట్రీల్లో ఉన్న పేషెంట్లని ఐదేళ్ళు ఫాలో అయితే సగటున 66 శాతం మంది బతికున్నారు. మిజోరం, అహ్మదాబాద్, కేరళలో కొల్లం, ఇవన్నీ 70 పైన, అరుణాచల్‌లోని పాసిఘాట్‌లో 42 దగ్గర. అమెరికాలో ఇది 90. జబ్బు రొమ్ములోనే ఉన్నప్పుడు పట్టుకుంటే మన దగ్గర 81 శాతం, చంకలో గడ్డలదాకా వెళ్ళాక 65, ఒళ్ళంతా పాకాక 18. తొందరగా పట్టుకోవడం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఈ మూడు నంబర్లు చాలు. కానీ ఇంకో విషయం ఎవరూ అడగరు, రొమ్ములోనే ఉన్నప్పుడు పట్టుకుంటే అమెరికాలో ఐదేళ్ళు బతికేది 99 శాతం కదా, మరి మన దగ్గర 81 ఏంటి? అక్కడ స్క్రీనింగ్‌లో మరీ చిన్నవి, అసలు ఎప్పటికీ ప్రాణం తీయనివి కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి వాళ్ళ నంబరు కొంచెం ఉబ్బి ఉంటుంది, ఒప్పుకుంటా. అదొక్కటే 18 పాయింట్ల తేడా తెస్తుందంటే మాత్రం ఒప్పుకోను. తొందరగా పట్టుకున్నాక కూడా మనం ఎక్కడో జారుతున్నాం.

సరే, ఇప్పుడు ఒక్కోటి చూద్దాం.

మామోగ్రామ్‌తో మొదలెడదాం. బ్రిటన్‌లో 1988 నుంచి ప్రభుత్వమే పిలిచి తీస్తుంది, 50 నుంచి 71 ఏళ్ళ లోపు వాళ్ళకి మూడేళ్ళకోసారి. ఏ పరీక్ష ఎవరికి చేయాలో సలహా ఇచ్చే అమెరికా టాస్క్ ఫోర్స్ 2024లో 40 నుంచి 74 దాకా రెండేళ్ళకోసారి అని మార్చింది. చేతికి తగలని గడ్డని కూడా పట్టుకుంటుంది, అందులో డౌటు లేదు. మనకొచ్చే చిక్కు ఏంటంటే మన పేషెంట్లలో సగం మంది దాకా 50 లోపు వాళ్ళే, ఆ వయసులో రొమ్ము కండ దట్టంగా ఉంటుంది, ఫిల్ములో అదీ తెల్లగానే కనిపిస్తుంది గడ్డా తెల్లగానే కనిపిస్తుంది, మంచులో తెల్ల కుక్కని వెతికినట్టు. పైగా జబ్బు తక్కువ ఉన్న చోట లక్ష మందికి తీస్తే నిజం కేసులు తక్కువ, ఉత్త భయాలు ఎక్కువ, ఆ భయంతో అల్ట్రాసౌండు, ముక్క తీసి పరీక్ష, ఊరికే తిరుగుడు. మిషన్, దాన్ని చదివే రేడియాలజిస్టు, ఇద్దరూ పెద్ద ఊళ్ళలోనే. దేశం మొత్తానికి ఇదే పాలసీగా పెట్టుకుంటే డబ్బు మిషన్ల దగ్గరే అయిపోతుంది.

మనకి మనం చూసుకోవడం. దీన్ని అందరూ తెగ చెప్తారు, ఖర్చు లేదు కదా అని. షాంఘైలో బట్టల మిల్లుల్లో పనిచేసే 2 లక్షల 66 వేల మంది ఆడవాళ్ళ మీద 1989లో మొదలెట్టి పదేళ్ళు పైగా చూశారు, సగం మందికి శ్రద్ధగా నేర్పించారు, సగం మందికి లేదు. రొమ్ము క్యాన్సర్‌తో పోయినవాళ్ళు నేర్పించిన గ్రూపులో 135, నేర్పించని గ్రూపులో 131. ఏం తేడా లేదు, పైగా క్యాన్సర్ కాని గడ్డలకి కోతలు ఎక్కువయ్యాయి. అలాగని ఒంటి మీద ధ్యాసే వద్దని కాదు, కొత్తగా గడ్డ వచ్చినా, చనుమొన లోపలికి లాగినా, రక్తం కారినా వెంటనే చూపించుకోవాలి. నెలనెలా క్యాలెండర్ పెట్టుకుని తడుముకుంటే చావులు తగ్గుతాయి అనేది మాత్రం ఆ ట్రయల్‌లో నిలబడలేదు.

ట్రైనింగ్ ఇచ్చిన హెల్త్ వర్కర్ చేత్తో చూడటం. నా ఓటు దీనికే, దీనికి మన దేశంలోనే రుజువు ఉంది కూడా. టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు 1998లో ముంబై మురికివాడల్లో 35 నుంచి 64 ఏళ్ళ మధ్య ఉన్న లక్షా 51 వేల మంది పైగా ఆడవాళ్ళతో మొదలుపెట్టారు. సగం బస్తీల్లో రెండేళ్ళకోసారి హెల్త్ వర్కర్లు ఇంటింటికీ వెళ్ళి పిలిచి చేత్తో పరీక్ష చేశారు, వీళ్ళు డాక్టర్లు కాదు, ట్రైనింగ్ తీసుకున్న మామూలు ఆడవాళ్ళు. ఇరవై ఏళ్ళ తర్వాత 2021లో ఫలితం చెప్పారు: గడ్డలు ముందు స్టేజిలోనే దొరికాయి, 50 దాటినవాళ్ళలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. మొత్తం అందరినీ కలిపితే తగ్గింది 15 శాతమే, అది గట్టిగా చెప్పదగ్గ లెక్క కాదని వాళ్ళే రాశారు, 50 లోపు వాళ్ళలో చావుల్లో చెప్పుకోదగ్గ లాభం కనపడలేదు. ఈ లోటు దాచిపెట్టి దీన్ని అమ్మడం నాకిష్టం లేదు. కానీ మిషన్ లేకుండా, ఫిల్ము లేకుండా ఆ మాత్రం తగ్గిందంటే మాటలా.

మన సర్కారు 2016లోనే రాసింది, 30 నుంచి 65 ఏళ్ళ వాళ్ళందరికీ ఐదేళ్ళకోసారి ఈ పరీక్ష చేయాలని. జరిగిందెంత? 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో జీవితంలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ఒక్కరు కూడా లేరు, 0.9 శాతం. తెలంగాణలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ అని పెట్టారు, మంగళవారం మంగళవారం ఆడవాళ్ళకే క్లినిక్, అందులో ఈ స్క్రీనింగ్ కూడా ఉంది, ఐడియా మంచిదే. కానీ ఏఎన్‌ఎంకి ఉన్న రిజిస్టర్లు చూస్తే, బీపీ, షుగరు, గర్భిణీలు, టీకాలు, ఆన్‌లైన్ ఎంట్రీ, వీటి మధ్య తలుపేసి ఒక్కో మనిషినీ పది నిమిషాలు నింపాదిగా చూడటానికి టైము, ఒక గది, ఒక కర్టెన్ ఎక్కడున్నాయో ఎవరైనా చెప్పాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. అమెరికాలో 1975 నుంచి 2019 మధ్య చావులు 58 శాతం తగ్గితే అందులో దేని వాటా ఎంత అని అక్కడి రీసెర్చర్లు మోడల్స్ కట్టి చూశారు, 2024లో వచ్చింది. స్క్రీనింగ్ వాటా నాలుగో వంతు, మిగతా మూడు వంతులూ ట్రీట్‌మెంటే. మామోగ్రామ్ ఇంత విరివిగా ఉన్న దేశంలో లెక్క ఇది! బ్రిటన్‌లో కూడా అంతే, 1990ల్లో తొలి దశలోనే జబ్బు బయటపడ్డవాళ్ళలో ఐదేళ్ళలో ఆ జబ్బుతో పోయినవాళ్ళు 14 శాతం, 2010-15లో అలా బయటపడ్డవాళ్ళలో 5 శాతం లోపు. అంటే గడ్డ దొరకడం అనేది గేటు మాత్రమే, లోపలికి వెళ్ళాక ఏం జరుగుతుందన్నది పెద్ద భాగం.

డబ్ల్యూహెచ్‌ఓ పెట్టిన టార్గెట్లు కూడా చూడండి: 60 శాతం పైన కేసులు మొదటి రెండు స్టేజీల్లో దొరకాలి, మొదట చూపించుకున్న రోజు నుంచి 60 రోజుల్లో జబ్బేంటో తేలిపోవాలి, 80 శాతం మంది ట్రీట్‌మెంట్ మధ్యలో మానకుండా పూర్తి చేయాలి. అందులో మామోగ్రామ్ ఊసే లేదు. మన దగ్గర ఆ 60 రోజులు ఎక్కడ పోతాయో అందరికీ తెలుసు. నొప్పి లేదు కదా గడ్డేలే అని కొన్ని నెలలు, పసరు కట్టించి కొన్నాళ్ళు, ఆర్ఎంపీ ఇచ్చిన యాంటీబయాటిక్ కొన్నాళ్ళు, "ముక్క తీస్తే పాకుద్ది, సూది పెట్టనీయకండి" అని చుట్టాల సలహా ఒకటి. సూది పరీక్ష వల్ల జబ్బు పాకుతుందన్నది ఉత్త భయం, ఆ భయంతో నెలలు గడిపేయడమే ముప్పు.

తర్వాత దూరం. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి ఆపరేషన్, కీమో, రేడియేషన్ కార్డు మీద చేస్తున్నారు, తెలంగాణలో 2023 డిసెంబర్‌లో లిమిట్ 10 లక్షలు చేశారు, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా, తిరుపతిలో స్వీకార్, ఇలాంటి క్యాన్సర్ ఆసుపత్రులు ఉన్నాయి, కానీ బిల్లు కట్టకపోయినంత మాత్రాన ఖర్చు లేనట్టు కాదు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన మనిషి కరెంటు (అంటే రేడియేషన్) పెట్టించుకోవడానికి వారాల తరబడి హైదరాబాద్‌లో ఉండాలి, పత్తి తీసే టైములో కూలి పోతుంది, పిల్లల్ని ఎవరు చూస్తారు, తోడొచ్చిన మొగుడి కూలీ పోయింది. అందుకే చాలామంది రొమ్ము ఉంచే ఆపరేషన్ కుదిరినా వద్దని మొత్తం తీయించేసుకుంటారు, దానికి రేడియేషన్ తప్పొచ్చు అని. ఇక్కడ కూడా ఏది మేలు అన్న ప్రశ్న ఉంది: పాత పద్ధతిలో ఐదు వారాలు, ఆ తర్వాత వచ్చిన మూడు వారాల పద్ధతి, 2020లో బ్రిటన్ ట్రయల్ తేల్చిన ఒక్క వారం ఐదు సిట్టింగుల పద్ధతి. అందరికీ సరిపోదు, డాక్టరే చెప్పాలి, కానీ దూరం నుంచి వచ్చేవాళ్ళు "తక్కువ రోజుల్లో అయ్యేది నాకు కుదురుతుందా" అని నోరు తెరిచి అడగాలి, అడగకపోతే చాలాసార్లు ఎవరూ చెప్పరు.

మందుల్లో కూడా ఇదే. హెర్-2 పాజిటివ్ (గడ్డ కణాల మీద హెర్-2 అనే ప్రోటీన్ ఎక్కువ ఉన్న రకం) వాళ్ళకి ఇచ్చే ట్రాస్టుజుమాబ్ అనే మందు ఒకప్పుడు మధ్యతరగతికి కూడా అందేది కాదు, 2014లో బయోకాన్ వాళ్ళ బయోసిమిలర్ (దాదాపు అదే మందుని ఇంకో కంపెనీ తయారుచేసింది) వచ్చాక ధర కాస్త దిగింది.

కాబట్టి ఎవరికి ఏది అంటే, సిటీలో ఉండి, 50 దాటి, డబ్బుకి ఇబ్బంది లేనివాళ్ళు రెండేళ్ళకోసారి మామోగ్రామ్ తీయించుకోండి, మంచిదే. 40ల్లో ఉంటే డాక్టరుతో మాట్లాడి, అల్ట్రాసౌండు కూడా కలపాలా అని అడిగి తేల్చుకోండి. అమ్మకో అక్కకో చిన్న వయసులో వచ్చి ఉంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ముందే స్పెషలిస్టు దగ్గరకి వెళ్ళండి. ఊళ్ళో ఉన్నవాళ్ళకి బస్సు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు, పీహెచ్‌సీలో చేత్తో చూసే పరీక్ష అడగండి. ప్రభుత్వం దగ్గర ఒక కోటి ఉంటే దేని మీద పెట్టాలి అని నన్నడిగితే, ఇంకో మామోగ్రామ్ మిషన్ కంటే ఏఎన్‌ఎంల ట్రైనింగు, జిల్లా ఆసుపత్రిలో సూది పరీక్ష రిపోర్టు వారంలో ఇచ్చే పెథాలజిస్టు, కరెంటు పెట్టించుకునేవాళ్ళు ఉండటానికి ఒక షెల్టరు అంటా. మామోగ్రామ్ సెంటర్ల వాళ్ళకి కోపం రావచ్చు, రానీండి.

అన్నిటికంటే చవకదీ అన్నిటికంటే ఎక్కువ మంది మానేసేదీ హార్మోన్ మాత్ర. రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ (ఈస్ట్రోజన్ హార్మోన్‌తో పెరిగే రకం) అని ఉంటే టామాక్సిఫెన్ రోజుకొకటి ఐదేళ్ళు వేసుకోవాలి, అలా వేసుకున్నవాళ్ళలో 15 ఏళ్ళ లెక్కలో చావులు మూడో వంతు దాకా తగ్గాయి. ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి, కొందరికి బ్లీడింగ్ సమస్యలు వస్తాయి, కీమో అయిపోయింది జుట్టు వచ్చేసింది ఇంకెందుకులే అని రెండో ఏడు ఆపేస్తారు. ఇబ్బందిగా ఉంటే ఆపకుండా వెళ్ళి చెప్పండి, వయసుని బట్టి లెట్రోజోల్ లాంటిది మార్చి ఇస్తారు, దాంతో కీళ్ళ నొప్పులొస్తే దానికీ ఉపాయం చెప్తారు. మూడో ఏట ఇంటికొచ్చి "మాత్ర వేసుకుంటున్నావా అమ్మా" అని అడిగే మనిషిని ఏ క్యాంపులోనూ పెట్టలేదు, ఆశా వర్కర్‌కి ఆ లిస్టు ఇచ్చి నెలకోసారి అడగమంటే పోయేదేముంది.