వలసలపై డిగ్రీ థీసిస్: ఇంటర్వ్యూలా, సర్వే గణాంకాలా, పాత పత్రాలా?

డిగ్రీ చివరి ఏడాదిలో వలసల మీద, జాతుల మధ్య సంబంధాల మీద థీసిస్ రాయాలనుకునే విద్యార్థికి సాధారణంగా ముందుగా తట్టే ఆలోచన, వలస వచ్చినవారిని కలిసి వారి కథ వినాలని. ఆ తపన మంచిదే. కానీ చేతిలో ఉండేది కొద్ది నెలల గడువు, తోడు ఒక గైడు, ఆపైన మిగతా పరీక్షలు. ఆ పరిస్థితిలో మూడు దారులు కనిపిస్తాయి: మనుషులతో ఇంటర్వ్యూలు, ఇతరులు సేకరించి అందరికీ అందుబాటులో ఉంచిన సర్వే గణాంకాలు, పత్రికలూ చట్టసభల చర్చలూ లేఖల వంటి రాతపత్రాలు. చాలామంది విద్యార్థులకు నేను మూడోదాన్నే సూచిస్తాను.

ఇంటర్వ్యూ ఇచ్చేది మరేదీ ఇవ్వలేదు. ఇంజనీరింగ్ చదివిన మనిషి కొత్త దేశంలో పదేళ్లుగా గోదాములో ఎందుకు ఉండిపోయాడో, ఒక తల్లి నలుగురిలో పిల్లలతో సొంత భాష మాట్లాడడం ఎందుకు మానుకుందో గణాంకాల్లో దొరకదు. అయితే ఆ మాట వినడానికి ముందు దాటవలసినవి చాలా ఉన్నాయి. విశ్వవిద్యాలయ నైతిక పరిశీలన సంఘం అనుమతి కావాలంటే వారాలు గడుస్తాయి. ఉమ్మడి భాష లేకపోతే దుబాసీ కావాలి. ఆ దుబాసీ అదే సమాజం వాడైతే చెప్పే మనిషి నోరు అదుపులో పెట్టుకుంటాడు. ఆశ్రయం కోరి తీర్పు కోసం ఎదురుచూస్తున్నవారికి రికార్డరు పట్టుకుని వచ్చిన విద్యార్థి కూడా మరో అధికారిలాగే కనిపించవచ్చు. యుద్ధం నుంచి తప్పించుకు వచ్చిన మనిషి చేత ఆ రోజులను మళ్లీ చెప్పించి, తర్వాత అతని బాగోగులు చూసే ఏర్పాటేమీ లేకుండా వచ్చేయడం నాకు న్యాయంగా తోచదు. పరిశోధకులు తామే ఆ సమాజానికి చెందినవారైతే తలుపులు సులువుగా తెరుచుకుంటాయి. కానీ అప్పుడు ‘నీకు తెలియనిదేముంది’ అంటూ అవతలివారు అసలు విషయం దాటవేస్తారు.

ఇంటర్వ్యూలే చేయాలని పట్టుదల ఉంటే రెండో పక్షం వైపు వెళ్లండి. ఇళ్లు అద్దెకిచ్చేవారు, ఉద్యోగాల్లో పెట్టుకునేవారు, భాష నేర్పే ఉపాధ్యాయులు, దరఖాస్తులు పరిశీలించే సిబ్బంది. సంబంధం అన్నాక రెండు వైపులూ ఉంటాయి. విద్యార్థుల థీసిస్‌లు ఎక్కువగా బలహీనమైన వైపునే ప్రశ్నలు అడుగుతుంటాయి. అధికారం ఉన్న వైపును అడిగితే హాని తక్కువ, తెలిసేది ఎక్కువ.

అయినా వారు చెప్పినదే చేస్తారని అనుకోకూడదు. అమెరికాలో సామాజికవేత్త రిచర్డ్ లాపియర్ 1930ల మొదట్లో ఒక చైనా దంపతులతో కలిసి తిరిగి, 251 హోటళ్లు, భోజనశాలల వంటి చోట్లకు వెళ్లారు. ఒక్కచోటే వారిని కాదన్నారు. తర్వాత ఆ సంస్థలకే ‘చైనీయులకు చోటిస్తారా?’ అని ఉత్తరాలు రాస్తే, జవాబిచ్చినవాటిలో 90 శాతానికి పైగా ఇవ్వబోమన్నాయి. 1934లో అచ్చయిన ఆ అధ్యయనంలో తర్వాతివారు లోపాలు ఎత్తిచూపారు. అయినా మాటకూ చేతకూ మధ్య ఉన్న దూరాన్ని అది కళ్లకు కట్టింది. ఈ హెచ్చరిక సర్వేలకు కూడా వర్తిస్తుంది.

గణాంకశాస్త్రం కొంత వచ్చినవారికి సర్వేల దారి నిజంగా మేలు. యూరోపియన్ సోషల్ సర్వే 2002 నుంచి వలసలపై ప్రజాభిప్రాయాన్ని అనేక దేశాల్లో అడుగుతోంది. ఆ సమాచారం ఉచితంగా దొరుకుతుంది. ఎవరినీ ఇబ్బంది పెట్టనక్కర లేదు. కానీ వర్గీకరణల దగ్గర కాలు జారుతుంది. బ్రిటన్ జనగణన 1991 నుంచి జాతి సముదాయాన్ని అడుగుతోంది, ఫ్రాన్స్ జనగణన అడగదు, స్వీడన్ పుట్టిన దేశాన్ని నమోదు చేస్తుంది. ఈ మూడింటినీ ఒకే పట్టికలో పెట్టి పోల్చితే థీసిస్ పునాదే కదులుతుంది. ఇంకో ఉచ్చు 1950లో అమెరికా సామాజికవేత్త విలియం రాబిన్సన్ చూపించినది. 1930 నాటి అమెరికా జనగణనలో విదేశాల్లో పుట్టినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువగా కనిపించింది. వ్యక్తులుగా చూస్తే విదేశాల్లో పుట్టినవారిలోనే అది కొంత ఎక్కువ. వారు అక్షరాస్యత ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో స్థిరపడడమే దీనికి కారణం. ప్రాంతాల సగటులు చూసి మనుషుల గురించి తీర్పు చెప్పేవారు ఈ ఒక్క ఉదాహరణను గుర్తుంచుకుంటే చాలు.

ఇక రాతపత్రాలు. పత్రికలో అచ్చయిన వాక్యం, చట్టసభలో చేసిన ప్రసంగం వాటంతట అవే చేతలు; అక్కడ మాటకూ చేతకూ మధ్య దూరం వెతకనక్కర లేదు. శరణార్థుల గురించిన వార్తలో ఎవరి మాట ఉటంకించారు, శరణార్థి గొంతు అసలు వినిపించిందా, చట్టం మారాక అది మారిందా? ఒక చట్టం, రెండు పత్రికలు, దానికి ముందూ వెనుకా కొన్ని నెలలు: డిగ్రీ స్థాయికి ఇది సరైన కొలత. ఇది చిన్న పని అనుకునేవారికి సామాజికవేత్తలు థామస్, జ్నానియెత్స్కీ 1918–1920 మధ్య వెలువరించిన పోలండ్ రైతుల అధ్యయనం గురించి చెబుతాను. అమెరికాకు వెళ్లినవారికీ వెనుక ఉండిపోయిన కుటుంబాలకూ మధ్య నడిచిన ఉత్తరాలే దానికి ముఖ్యమైన ఆధారం. వలసల పరిశోధనకు పునాది వేసిన గ్రంథాల్లో అదొకటి.

ఈ దారికీ పరిమితి ఉంది. వార్త చదివినవారు ఏమనుకున్నారో వార్త చెప్పదు. ఆ ప్రశ్నే మీదైతే సర్వేకు వెళ్లక తప్పదు. ఘాటైన వాక్యాలు ఏరుకుని, మామూలు వార్తలను పక్కన పెట్టే ప్రమాదమూ ఉంది. అందుకే ఏ తేదీల మధ్య, ఏ పదాలతో వెతికి, దొరికినవాటిలో ఏవి తీసుకుంటారో చదవడం మొదలుపెట్టకముందే రాసుకుని గైడుకు చూపించండి. మధ్యలో ఆ నియమం మార్చవలసి వస్తే, ఎందుకు మార్చారో థీసిస్‌లోనే చెప్పండి.