100-400 జూమా, 150-600 జూమా? మన సీమ ఎండల్లో ఏది మేలు?

పక్షులను, జింకలను ఫొటోలు తీసే ఆసక్తి ముదిరి, కెమెరాతో పాటు వచ్చిన 55-250 లెన్సు ఇక చాలదనిపించిన మిత్రులు కర్నూలు, అనంతపురం, కడపల నుంచి తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. 100-400 మి.మీ. జూమ్ కొనాలా, 150-600 మి.మీ. జూమ్ కొనాలా? (ఈ అంకె పెద్దదైన కొద్దీ దూరపు వస్తువు దగ్గరగా కనిపిస్తుంది.) ఇంటర్నెట్‌లో దీనికి జవాబులు కొల్లలుగా ఉన్నాయి. అయితే వాటిలో చాలావరకు చల్లని దేశాల్లో, పచ్చిక మీద, మేఘం కమ్మిన వెలుగులో ఫొటోలు తీసేవారు రాసినవి. మన నేలకు వచ్చేసరికి లెక్క మారుతుందని నా నమ్మకం. అలా మార్చేది లెన్సు కాదు, లెన్సుకూ జంతువుకూ మధ్య ఉన్న గాలి.

ముందుగా కాగితం మీది లెక్క చూద్దాం. ఒకే చోట నిలబడి తీస్తే 400తో పోల్చినప్పుడు 600 మి.మీ. వద్ద జింక ఒకటిన్నర రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది, దాని మీద పడే పిక్సెళ్లు 2.25 రెట్లవుతాయి. ఇది చిన్న లాభం కాదు. దీనికి ఇవ్వవలసిన మూల్యం బరువు: సిగ్మా 150-600 కాంటెంపరరీ 1930 గ్రాములు, టామ్రాన్ 150-600 జీ2 2010 గ్రాములు, సోనీ 200-600 అయితే 2115 గ్రాములు తూగుతాయి. రెండో వైపున సిగ్మా 100-400 బరువు 1160 గ్రాములు, కెనాన్ ఈఎఫ్ 100-400 రెండో తరం లెన్సు సుమారు 1600 గ్రాములు, కెనాన్ ఆర్‌ఎఫ్ 100-400 కేవలం 635 గ్రాములు. ధరను బట్టి ఈ రెండు వర్గాలను విడదీయడం కుదరదు, ఎందుకంటే సిగ్మా వారి 100-400 వారి 150-600 కన్నా చవకే గాని, కెనాన్ ఎల్ శ్రేణి 100-400 ఆ 150-600ను మించిన ధర పలుకుతుంది.

ఇక గాలి సంగతి. ఎండకు కాగిన నేల తనను ఆనుకుని ఉన్న గాలిని వేడెక్కిస్తుంది. ఆ వేడిగాలి పైకి లేస్తూ చల్లని గాలితో కలిసేటప్పుడు వేరువేరు సాంద్రతలున్న పొరలు, చుళ్లు ఏర్పడతాయి. వాటి గుండా వచ్చే కాంతి క్షణక్షణానికీ కొద్దికొద్దిగా వంగుతుంది. ఉడుకుతున్న అన్నం కుండ మీది ఆవిరి గుండా అవతలి గోడను చూసినట్టే అన్నమాట. కోత అయిపోయిన నంద్యాల వైపు నల్లరేగడి చేలు, అనంతపురం ఎర్ర దిబ్బలు, కడప నాపరాళ్ల గుట్టలు, వీటిలో దేనిమీదనైనా ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటలకే ఈ సెగ మొదలవుతుంది. లెన్సులో ఉన్న స్టెబిలైజర్ చేతి వణుకును సరిదిద్దుతుందే తప్ప గాలి వణుకును సరిదిద్దలేదు. షట్టర్ వేగం పెంచితే వంకర గీత వంకరగానే నిలిచిపోతుంది గాని తిన్నగా కాదు. ఎంత ఖరీదైన లెన్సుకైనా ఇది వర్తిస్తుంది.

ఇక్కడ ఒక విషయం న్యాయంగా చెప్పాలి. ఒకే చోటు నుంచి తీసినప్పుడు 600 లెన్సు సెగను కొత్తగా పుట్టించదు, 400 చూపినదాన్నే పెద్దది చేసి చూపుతుంది. కాబట్టి అది నష్టమేమీ చేయదు, కాకపోతే ఆ వేళలో దాని లాభం మాయమవుతుంది. 400తో తీసి క్రాప్ చేసిన ఫొటోకూ 600తో తీసిన ఫొటోకూ మధ్య తేడా మిగలదు. గాలి నిశ్చలంగా, శుభ్రంగా ఉండేది తెల్లవారిన తొలి గంటన్నరలో, అప్పుడు వెలుతురు పలచన. వెలుతురు దండిగా ఉండే వేళకు గాలి కుదురుగా ఉండదు. ఎఫ్/6.3 వద్ద (ఇది లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగితే వెలుతురు తగ్గుతుంది) 600 మి.మీ. లెన్సును చేత్తో పట్టుకుని, కదిలే జింకను ఆపగల షట్టర్ వేగం కావాలంటే ఆ తొలి వెలుగులో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సరు స్పందించే స్థాయి) ఎక్కడికో వెళ్తుంది, ఫొటో గరుకుబారుతుంది. 600కు డబ్బు పెట్టేవారు కొంటున్నది నిజానికి ఈ ఇరుకైన గంటన్నరనే. అందుకే ప్రశ్నను "ఎంత దూరం లాగుతుంది" అని కాకుండా "ఆ దూరం నాకు ఎన్ని గంటలు పనికొస్తుంది" అని అడగాలని నేను పట్టుబడతాను.

చాలామంది ఈ సెగను గుర్తించక లెన్సును, ఫోకస్‌ను తప్పుబడతారు. లెన్సు బాగాలేదని మైక్రో అడ్జస్ట్‌మెంట్ (ఫోకస్ సవరణ) చేయిస్తారు, అమ్మేస్తారు. కృష్ణజింక మగదాని కొమ్ములను తెర మీద పూర్తిగా పెద్దది చేసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. చేతి వణుకైతే కొమ్ము అంచు, గడ్డి పరక, కంటి రెప్ప అన్నీ ఒకే దిశలో సాగి ఉంటాయి. ఫోకస్ తప్పితే జింక ముందో వెనకో ఉన్న గడ్డి ఏదో ఒకటి స్పష్టంగా ఉంటుంది. సెగ అయితే కొమ్ము మెలికల అంచు ఒకచోట పదునుగా, మరోచోట నీళ్లలో చూసినట్టు వంపుగా, ఇంకోచోట రెండు గీతలుగా ఉంటుంది. వరుసగా తీసిన పది ఫ్రేముల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు.

సెగకు విరుగుడు ఒక్కటే, మధ్యలోని గాలిని తగ్గించడం. 600తో 60 మీటర్ల నుంచి తీసిన ఫొటోలో జింక ఎంత పెద్దగా ఉంటుందో, 400తో 40 మీటర్ల నుంచి తీస్తే అంతే ఉంటుంది. ఆ 20 మీటర్ల సెగ తగ్గడం ఏ లెన్సూ ఇవ్వలేని లాభం. దగ్గరవడమంటే తరమడం కాదు. ఒకప్పుడు బట్టమేక పిట్టకు పేరుపడిన రోళ్లపాడు చుట్టుపక్కల చేలల్లో తిరిగే కృష్ణజింకలు ట్రాక్టర్లకూ ఎద్దుల బండ్లకూ అలవాటు పడినవి, కాలినడకన ట్రైపాడ్ మోసుకొచ్చే మనిషిని చూస్తేనే బెదురుతాయి. అద్దం దించిన కారులో ఇంజను ఆపి, ఏసీ కట్టేసి (బానెట్ వేడి, కిటికీ దాటే గాలి కూడా బొమ్మను చెడగొడతాయి), కదలకుండా కూర్చుంటే మేస్తూ మేస్తూ అవే దగ్గరకు వస్తాయి. ఆ సమయంలో కిలో, కిలోన్నర లెన్సును నిమిషాల తరబడి పట్టుకుని ఉండటం, సీటులో తిరిగి అవతలి కిటికీ వైపు ఎత్తడం సాధ్యమవుతుంది. రెండు కిలోల లెన్సుకు కెమెరా బరువు కూడా తోడైతే చేయి దించేస్తాం. సరిగ్గా అప్పుడే జింక తల ఎత్తుతుంది.

దగ్గరి వస్తువుల విషయంలో 100-400 ఆధిక్యం ఇంకా స్పష్టం. కెనాన్ రెండో తరం 100-400 ఒక మీటరు లోపలే, 98 సెంటీమీటర్లకే ఫోకస్ అవుతుంది. సిగ్మా 150-600 కాంటెంపరరీకి 2.8 మీటర్ల ఎడం కావాలి. ఎండాకాలంలో రాళ్ల మీదికెక్కి గొంతు కింద విసనకర్రలా చర్మం విప్పే చిన్న తొండలను, సీతాకోకలను తీయడానికి ఈ తేడా చాలా ముఖ్యం. పైగా రెండు మీటర్ల దూరంలో సెగ బాధ ఉండదు గనుక నడిమధ్యాహ్నం కూడా పని సాగుతుంది. హిందూపురం దగ్గరి వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊరి నడుమ చెట్ల మీదే గూళ్లు కడతాయి. కెనాన్ ఏపీఎస్-సి కెమెరాకు (సెన్సరు చిన్నది గనుక ఏ లెన్సయినా 1.6 రెట్లు బిగించి చూపుతుంది) 150 తగిలిస్తే కనీస చూపే 240 అవుతుంది, చెట్టూ దాని కింది ఇల్లూ కలిపి ఫ్రేములో పట్టవు. అదే 100 అయితే 160 వద్ద మొదలవుతుంది. ఆ ఊరి ఫొటోకు ప్రాణం కొంగలూ మనుషులూ కలిసి ఉండటంలోనే ఉంది కదా!

600 పైచేయి అయ్యే చోట్లు లేకపోలేదు. డిసెంబరు, జనవరిలో శింగనమల చెరువు కట్ట మీద నిలబడితే నీటి మధ్యలో ఉన్న బాతుల దగ్గరకు నడిచి వెళ్లే మార్గమే ఉండదు, అక్కడ 400 చాలదు. పిచ్చుకంత పిట్టలే మీ లోకమైతే, తెల్లవారకముందే అక్కడుండే ఓపిక మీకుంటే, 600 మీకు న్యాయం చేస్తుంది. దుమ్ము విషయంలోనూ ఒక మాట చెప్పాలి. జూమ్ చేసినప్పుడు గొట్టం ముందుకు సాగే లెన్సులు ప్రతిసారీ గాలిని లోపలికి పీల్చుకుంటాయి, మన మట్టిదారుల్లో అది మంచిది కాదు. సోనీ 200-600, నికాన్ జెడ్ 180-600 గొట్టం సాగకుండా లోపలే జూమ్ అవుతాయి. ఈ రెండు కంపెనీల కెమెరాలు ఇప్పటికే ఉన్నవారి విషయంలో నా వాదన కొంత మెత్తబడుతుంది.

మిగతా దారులు రెండు మాటల్లో చెప్తాను. 400 జూమ్‌కు 1.4 కన్వర్టర్ (లెన్సుకూ కెమెరాకూ మధ్య పెట్టే, బొమ్మను 1.4 రెట్లు పెంచే చిన్న లెన్సు) తగిలిస్తే ఒక స్టాప్, అంటే సగం వెలుతురు పోతుంది, మన తెల్లవారుజాములకు అది నప్పదు. కెనాన్ ఆర్‌ఎఫ్ 600 ఎఫ్/11 తేలిక (930 గ్రాములు), ఎండ బాగా వచ్చేదాకా పనికిరాదు, వచ్చాక సెగ ఉండనే ఉంది. 70-300 ఉన్నవారు దాన్నే ఇంకొన్నాళ్లు వాడుకోవచ్చు. లంకమల అడవుల్లో 1986లో మళ్లీ కనుగొన్న కలివికోడిని తలచుకుని పెద్ద లెన్సు కొనాలనుకునే కడప మిత్రులు అది రాత్రి తిరిగే పిట్టని గుర్తుంచుకోవాలి, దాని విషయంలో ఏ జూమూ ప్రయోజనకారి కాదు.

ఇంకా తేల్చుకోలేకపోతే కొనకముందే ఒక పరీక్ష చేయండి. మీరు ఎప్పుడూ తిరిగే దారిలో రెండు వందల మీటర్ల దూరాన ఉన్న కిలోమీటరు రాయిని ఎంచుకుని, ఉన్న 55-250 లెన్సుతోనే, ట్రైపాడ్ మీద, పొద్దు పొడిచినప్పటి నుంచి అరగంటకొకసారి అయిదారు ఫ్రేములు తీయండి. రాయి మీది ఊరి పేరులో అక్షరాల తలకట్లు ఏ వేళకు వంకర్లు తిరగడం మొదలుపెడతాయో చూసుకోండి. మీరు మామూలుగా పొలాల్లో ఉండే సమయం ఆ వేళకు ముందైతే 150-600 తీసుకోండి, తర్వాతైతే 100-400 తీసుకోండి.